ఇంట్లో ఉన్నట్టు రుజువేమిటి?

నేను ఇంట్లో లేనని తేలిపోయింది. తేల్చింది ఇంట్లోవాళ్ళు కాదు, ఇరుగుపొరుగూ కాదు, పార్శిల్ తెచ్చే సంస్థ. "మీ పార్శిల్ అందించడానికి ప్రయత్నించాము. మీరు అందుబాటులో లేరు" అని ఫోనుకు సందేశం వచ్చింది. ఆ సమయానికి నేను వీధి తలుపు బార్లా తెరిచి, గుమ్మానికి ఎదురుగా కుర్చీ వేసుకుని, ఏ బండి చప్పుడు వినిపించినా మెడ సాచి చూస్తూ కూర్చున్నాను. కాలింగ్ బెల్లు మోగలేదు. ఫోను మోగలేదు. గేటు కిర్రుమనలేదు. సందేశం మాత్రం వేళ తప్పకుండా వచ్చింది.

ఇలాంటిది మీకూ వచ్చే ఉంటుంది. రాలేదంటే ఇంతవరకు ఏ వస్తువూ ఇంటికి తెప్పించుకోని పుణ్యాత్ములై ఉండాలి. కనుక అది అబద్ధమని మీకు నేను కొత్తగా చెప్పనక్కరలేదు. అసలు అబద్ధమనడం కూడా సబబు కాదేమో! అబద్ధమాడాలంటే ముందు ఒక మనిషి ఉండాలి కదా. ఈ సందేశం వెనక మనిషి లేడు. చివర "దీనికి జవాబు ఇవ్వకండి" అని మాత్రం ఉంటుంది. ఎవరు రాశారో తెలియదు, ఎవరిని నిలదీయాలో తెలియదు. వేదవాక్యాల అర్థాన్ని విచారించిన మన మీమాంసకులు వేదాన్ని అపౌరుషేయమన్నారు. ఏ పురుషుడూ రచించలేదు కాబట్టి రచయితకుండే దోషాలేవీ దానికి అంటవని వారి వాదం. వేదం తరవాత అంతటి గౌరవం డెలివరీ సందేశానికే దక్కింది.

శాస్త్రంలోకి దిగాం కాబట్టి ఇంకొక మెట్టు దిగుదాం. ఒక వస్తువు ఒకచోట లేదని మనకెలా తెలుస్తుంది? మీమాంసకుల్లో కుమారిలభట్టు సంప్రదాయంవారూ అద్వైతులూ ఈ ప్రశ్నను తేలిగ్గా వదిలిపెట్టలేదు. నిజాన్ని తెలుసుకునే సాధనాలను వారు ప్రమాణాలంటారు. దానికోసం ప్రత్యక్షం (నేరుగా చూడడం), అనుమానం (గుర్తును బట్టి ఊహించడం) మొదలైన వాటి సరసన అనుపలబ్ధి, అంటే కనిపించకపోవడం, అనే ఆరో ప్రమాణాన్నే ఒప్పుకున్నారు. నేల మీద కుండ కనిపించడం లేదు కాబట్టి అక్కడ కుండ లేదు. అయితే ఒక షరతు పెట్టారు. కుండ ఉండి ఉంటే కనిపించి తీరవలసిన పరిస్థితి అక్కడ ఉండాలి. కటిక చీకట్లో నిలబడి కనిపించలేదంటే చెల్లదు. ఇంత జాగ్రత్తపడిన పెద్దలకు కూడా ఒక సంగతి తట్టలేదు. అసలు ఆ గదిలో అడుగే పెట్టకుండా, ఎక్కడో గోదాములో నిలబడి, కుండ లేదని నిర్ధారించవచ్చు. ఈ ఏడో ప్రమాణాన్ని కనిపెట్టిన ఘనత పార్శిల్ సంస్థలదే.

సరే, ఫిర్యాదు చేద్దామనుకున్నాను. కొనేటప్పుడు వేలు తగిలితే చాలు, కొనుగోలు జరిగిపోతుంది. ఫిర్యాదు చేసే చోటు కావాలంటే మాత్రం యాప్‌లో గని తవ్వకం మొదలుపెట్టాలి. తవ్వగా తవ్వగా "సహాయం" అన్న మాట బయటపడుతుంది. నొక్కితే నవ్వుమొహం బొమ్మ పెట్టుకున్న యంత్రం ఒకటి పలకరిస్తుంది. "పార్శిల్ రాలేదు" అంటే "మీ పార్శిల్ ఎక్కడుందో తెలుసుకోవాలనుకుంటున్నారా?" అంటుంది. "ఇంట్లోనే ఉన్నాను" అంటే "ఇంటి చిరునామా మార్చాలనుకుంటున్నారా?" అంటుంది. "మనిషితో మాట్లాడాలి" అంటే "మీరు మనిషితో మాట్లాడాలనుకుంటున్నారని నాకు అర్థమైంది" అని, మళ్ళీ మొదటి ప్రశ్న వేస్తుంది.

దీని వంశవృక్షం చిన్నది కాదు. అమెరికాలో ఎంఐటీ ఆచార్యుడు జోసెఫ్ వైజెన్‌బామ్ ఎలైజా అనే ప్రోగ్రామును 1966లో లోకానికి ప్రకటించాడు. మానసిక వైద్యుడి వేషంలో, మనం అన్న మాటనే ప్రశ్నగా తిప్పి మనకే అప్పజెప్పడం దాని పని. దాని ముందు కూర్చున్నవాళ్ళు నిజంగానే మనసు విప్పి చెప్పుకోవడం చూసి ఆయన కలవరపడ్డాడు. తరవాత ఇలాంటి యంత్రాల మీద విమర్శకుడయ్యాడు. అదే 1966లో ఆల్ఫ్రెడ్ లెవీ అనే ఫ్యాక్టరీ యజమానికి ఒక పేటెంటు దక్కింది. ఫోనులో కాచుకుని ఉన్నవారికి సంగీతం వినిపించే ఏర్పాటు అది. తన ఫ్యాక్టరీలో టెలిఫోను తీగ ఒకటి ఇనుప దూలానికి తగలడంతో పక్కనున్న రేడియో కేంద్రం పాటలు ఫోనులోకి చొరబడ్డాయట. అలా పుట్టిందట ఆ ఆలోచన. రెండు ఉపద్రవాలూ ఒకే ఏడు! 1966 కస్టమర్ జాతికి బొత్తిగా అచ్చిరాలేదు.

లెవీ గారి సంగీతం దగ్గర కాసేపు ఆగాలి, ఎలాగూ ఆగక తప్పదు కనుక. మధ్య మధ్య ఒక గొంతు వచ్చి "ప్రస్తుతం అనుకోని విధంగా కాల్స్ ఎక్కువగా ఉన్నాయి" అని విన్నవిస్తుంది. ఎప్పుడు చేసినా ప్రస్తుతమే, ఎన్నిసార్లు చేసినా అనుకోనిదే. డెన్మార్కులో అగ్నర్ క్రారప్ ఎర్లాంగ్ అనే గణితజ్ఞుడు ఉండేవాడు. కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేస్తూ ఆయన 1909లో ఒక వ్యాసం, 1917లో మరొకటి ప్రచురించి ఈ "అనుకోని" వ్యవహారాన్ని అప్పుడే లెక్కకు తెచ్చాడు. ఫోన్లు ఎంత దట్టంగా వస్తాయి, ఒక్కొక్కటి ఎంతసేపు సాగుతుంది, ఎత్తేవాళ్ళు ఎందరు అన్న మూడు సంగతులూ తెలిస్తే జనం సగటున ఎంతసేపు కాచుకోవాలో సూత్రం చెప్పేస్తుంది. టెలిఫోను రద్దీని కొలిచే కొలమానానికి ఆయన పేరే పెట్టారు. ఎంతమందిని కూర్చోబెట్టాలో తేల్చుకోవడానికి కాల్ సెంటర్లు ఇప్పటికీ ఆయన సూత్రాలనే వాడుతున్నాయి. అంటే మీ చెవిలో మోగుతున్న ఆ వేణువు దైవవశాన మోగుతున్నది కాదు. మీరు ఇంతసేపు వినవచ్చునని ఎవరో లెక్క వేసి, చూసి, పరవాలేదనుకున్నారు.

ఎట్టకేలకు ఒక అమ్మాయి గొంతు పలికింది.

"నమస్కారం సర్, మీకు ఏ విధంగా సహాయపడగలను?"

"పార్శిల్ రాలేదమ్మా."

"మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాను సర్. ఒక్క నిమిషం." వేణువు. "సర్, మావాళ్ళు వచ్చారు. మీరు ఇంట్లో లేరు."

"ఉన్నాను."

"లేరని ఉంది సర్."

"ఎక్కడుంది?"

"సిస్టమ్‌లో ఉంది సర్."

"సిస్టమ్ మీ దగ్గరుంది. ఇంట్లో ఉన్నది నేను. నేనున్నానో లేదో నాకు తెలియదా?"

"మీ ఆవేదన నాకు అర్థమవుతోంది సర్. మీరు ఇంట్లో ఉన్నట్టు రుజువేమైనా ఉందా?"

ఇలాంటి ప్రశ్న వేదాంతులు వేస్తే ముచ్చటగా ఉంటుంది. పార్శిల్ కోసం పొద్దుటినుంచి స్నానం కూడా వాయిదా వేసుకున్నవాడిని అడిగితే ఉండదు. రుజువు నేనేనన్నాను. అది చాలదట, ఫొటో కావాలట. తమ దగ్గర మాత్రం ఫొటో ఉందని, కావాలంటే పంపుతానని అన్నది. పంపింది. చూశాను. నీలం రంగు తలుపు, దానికి వేసిన తాళం, పక్కన ఎండిపోయిన తులసి మొక్క, మూలగా ఎవరిదో ఒంటి చెప్పు. మా తలుపు నీలం కాదు. మా ఇంట్లో తులసి బతికే ఉంది. చెప్పులు జతలుగానే ఉన్నాయి.

"ఇది మా ఇల్లు కాదమ్మా."

"అయితే మీ తలుపు ఫొటో పంపగలరా సర్?"

పంపాను.

"ఇందులో మీరు లేరు సర్."

"ఫొటో తీసింది నేనమ్మా!"

"సర్, మీరు కనిపించడం లేదు కదా."

పక్కింటాయనను బతిమాలి, తలుపు పక్కన నిటారుగా నిలబడి, ఫొటో తీయించుకుని పంపాను. పెళ్ళిచూపులకు కూడా నేనంత బుద్ధిగా నిలబడలేదు. ఆ అమ్మాయి చాలాసేపు పరిశీలించి, నిజంగా నొచ్చుకుంటున్న గొంతుతో అన్నది: "సర్, ఇది ఇప్పటిది. మావాళ్ళు వచ్చినప్పటిది కావాలి."

కనుక ఈ వ్యాసం చదివేవారికి నా సలహా. పార్శిల్ రావలసిన రోజున తెల్లవారగానే పెద్దమనుషులను పిలిచి పంచనామా రాయించండి. "దిగువ సంతకాలు చేసిన మేము ఫలానావారు తమ సొంత ఇంటిలో, సొంత కుర్చీలో, కళ్ళు తెరుచుకుని ఉండగా చూసినాము" అని గంటగంటకూ సంతకాలు తీసుకోండి. కాలకృత్యాలకు వెళ్ళవలసి వస్తే ప్రతినిధిని నియమించి, వకాల్తా రాసిచ్చి వెళ్ళండి. కునుకు పట్టిందా, మీ కేసు పోయినట్టే. గుండె కొట్టుకుంటున్నట్టు డాక్టరు చీటీ ఉంటే మంచిదే గాని, గుండె ఇంట్లోనే కొట్టుకుంటున్నదని అందులో విడిగా రాయించడం మరచిపోకండి.

మేమిద్దరం ఇంకా మాట్లాడుకుంటూ ఉండగానే ఫోను గుయ్యిమంది. "మీ ఫిర్యాదు విజయవంతంగా పరిష్కరించబడినది" అని సందేశం. ఆ అమ్మాయిని అడిగితే ఆమెకూ ఏమీ తెలియదు. పాపం, ఆమె ముందున్న తెరను కూడా అపౌరుషేయులే నడుపుతున్నారు.

ఇక్కడిదాకా నవ్వులాటే. తరవాత కొన్నాళ్ళకు వేరే పార్శిల్ తెచ్చిన కుర్రవాడిని మెట్ల మీద నిలబెట్టి అడిగాను: రాకుండానే వచ్చామని ఎందుకు రాస్తారు బాబూ? అతను కోపగించుకోలేదు, దబాయించలేదు. జేబులోంచి ఫోను తీసి చూపించాడు. పగిలిన తెర, దాని మీద ఒక జాబితా. పార్శిల్ ఎందుకు ఇవ్వలేకపోయావో అందులోంచి ఎంచుకోవాలి. కస్టమర్ అందుబాటులో లేరు. కస్టమర్ ఫోను ఎత్తలేదు. కస్టమర్ చిరునామా సరిగా లేదు. కస్టమర్ మరో రోజు రమ్మన్నారు. కస్టమర్ తీసుకోవడానికి నిరాకరించారు. అంతే. కిందికి తోసినా ఇంకేమీ లేదు. "చీకటి పడిపోయిందండీ, ఇంకా సంచి నిండా ఉన్నాయి అని రాయడానికి చోటు లేదు సర్. ఏదో ఒకటి నొక్కకపోతే లెక్క ముగించనివ్వదు" అన్నాడు.

ఆ జాబితాను ఎవరో తీరిగ్గా కూర్చుని రాశారు. చల్లని గదిలో, చర్చించి, ఆమోదించి మరీ రాశారు. పార్శిల్ ఆగిపోవడానికి లోకంలో ఎన్ని కారణాలుండవచ్చునో ఆలోచించి, వాటిలో ఒక్కటి కూడా సంస్థ తప్పు కాకుండా చూసుకున్నారు. గోదాము నుంచి మన గుమ్మం దాకా ఉండే చివరి మైలే ఈ వ్యాపారంలో అన్నిటికన్నా ఖరీదైన మైలని ఆ రంగంలో అందరికీ తెలుసు. ఆ ఖర్చును ఎక్కడ పిండాలి? సంచి మోసేవాడి దగ్గర పిండుతున్నారు. దారి గీసే యంత్రానికి వీధి మలుపులు తెలుసు గాని మెట్లు తెలియవు, చెడిపోయిన లిఫ్టు తెలియదు, వాన తెలియదు, మనిషికి ఒంటికి వస్తుందని తెలియదు. ఆ చివరిది నా పార్శిల్ కథలోది కాదు, లోకమంతా చదివినది. తమ ఉద్యోగులు సీసాల్లో మూత్రం పోసుకోవలసి వస్తోందన్న ఆరోపణను అమెజాన్ 2021లో వెటకారంగా కొట్టిపారేసింది. కొన్నాళ్ళకే, డ్రైవర్లకు అలాంటి ఇబ్బంది ఉన్న మాట నిజమేనని ఒప్పుకుని క్షమాపణ చెప్పింది.

మనుషులు మోయలేని బరువు వాళ్ళ నెత్తిన పెట్టి, మోయలేకపోయామని చెప్పే దారి మూసేసి, అబద్ధం తప్ప ఇంకేమీ నొక్కలేని బొత్తాలు చేతికిచ్చి, ఆ అబద్ధం బయటపడ్డ రోజున "డెలివరీ చేసిన వ్యక్తి ప్రవర్తనకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు?" అని నన్ను అడగడానికి సిగ్గుండాలి! జాబితా రాసినవాడి ప్రవర్తనకు నక్షత్రాలు ఎక్కడ పెట్టాలి? నేను ఒకటి నొక్కితే కోత పడేది మెట్లెక్కి వచ్చినవాడి కూలిలో. మాట పడేది నాతో ఫొటోల గురించి మాట్లాడిన ఆ అమ్మాయి. నా కోపం ఎవరికి తగలాలో వారికి తగలకుండా మధ్యలో ఇద్దరు పేదవాళ్ళను నిలబెట్టారు. దానికి పెట్టిన పేరేమో కస్టమర్ సేవ.

నా మొదటి పార్శిల్ మాత్రం అమ్మినవాడి దగ్గరికి తిరిగిపోయింది. నేను నిరాకరించానట. డబ్బు వెనక్కి రావాలంటే ఎందుకు నిరాకరించానో కారణం చెప్పాలని యాప్ అడిగింది. వస్తువు నచ్చలేదు, కొలత సరిపోలేదు, మరోచోట చవకగా దొరికింది, మనసు మారింది. ఇవే ఉన్నాయి. అసలు నా చేతికే రాలేదని చెప్పడానికి పైనుంచి కిందిదాకా వెతికాను, ఆ వరస లేదు. ఏదో ఒకటి నొక్కకపోతే ముందుకు కదలనివ్వదు. మనసు మారిందని నొక్కాను.