వసంతోత్సవాల డబ్బు ఊరి చేతికివ్వండి

ఫాల్గుణంలో కాముని పున్నమి మొదలుకొని వైశాఖంలో నృసింహ జయంతి దాకా తెలుగు ఊళ్లలో కళలకు అసలైన సీజన్. చాలాచోట్ల పంట ఇంటికి చేరి ఉంటుంది, పొలం పనులు తగ్గుతాయి, పిల్లల పరీక్షలు ఒక్కొక్కటే ముగుస్తుంటాయి. తండాల్లో హోలీకి బంజారాల లెంగి పాటలు, ఉగాదికి కవి సమ్మేళనాలు, నవమి పందిళ్లలో హరికథలు, ఆ తర్వాత జాతర్లు, నాటక పరిషత్తులు. ఇదే రోజుల్లో రెండు రాష్ట్రాల్లోనూ సాంస్కృతిక శాఖలు, జిల్లా యంత్రాంగాలు ఉత్సవాల పేరుతో వేదికలు కడతాయి. ఏటా వినిపించే గొడవ కూడా ఒకటే. నిధులు చాలలేదు, మా కళాకారులను పిలవలేదు, పురస్కారాల్లో మా జిల్లాకు అన్యాయం జరిగింది. ఈ గొడవలో అసలు సంగతి మరుగున పడిపోతోంది. ఎంత డబ్బు అన్నది తర్వాత మాట్లాడుకుందాం. ఆ డబ్బు ఎవరి చేతిలో ఉండాలో ముందు తేల్చుకోవాలి. ఊరి చేతిలో ఉండాలన్నది నా వాదన.

దీనికి నా మొదటి సాక్ష్యం చిత్తూరు వైపు జరిగే భారతం. ద్రౌపదీ ధర్మరాజుల గుడి ఉన్న ఊళ్లలో వేసవి వస్తే మహాభారత ఉత్సవాలు మొదలవుతాయి. మామూలుగా 18 రోజులు, కొన్నిచోట్ల ఇంకాస్త ఎక్కువ. పగలు భాగవతార్ హరికథ చెబుతారు, రాత్రికి వీధి నాటకం మేళం ఆట కడుతుంది. అన్ని రోజులు కథ విని, అన్ని రాత్రులు ఆట చూసిన ఊళ్లో ప్రేక్షకుడు దానంతటదే తయారవుతాడు. పద్యం తప్పితే ముందు వరసలో కూర్చున్న పెద్దాయన పట్టేస్తాడు, రాగం నిలబడితే ఆయనే చప్పట్లు కొడతాడు. ఇలాంటి శిక్షణ ఏ అకాడమీ ఇవ్వగలదు?

అర్జున తపస్సు రోజు సంగతి చూడండి. మైదానంలో ఎత్తయిన మాను పాతుతారు. అర్జున వేషధారి ఒక్కో మెట్టు దగ్గరా ఆగి పద్యం పాడుకుంటూ పైకి ఎక్కుతాడు. కింద సంతానం కోరుకునే ఆడవాళ్లు తడిబట్టలతో వరపడి, అంటే వరం కోరి నేలమీద సాగిలపడి ఉంటారు. పైనుంచి అతను విసిరే నిమ్మకాయో, విభూతి పొట్లమో తమకు దక్కాలని వాళ్ల ఆశ. ఎండలో, అంత ఎత్తున, గొంతు జీరపోకుండా పాడటం మాటలు కాదు. ఆ నటుడు ఆ పూట ఊరందరికీ అర్జునుడే. చివరిలో దుర్యోధన వధ. మట్టితో చేసిన పెద్ద బొమ్మ నేలమీద పడుకుని ఉంటుంది. భీముడు తొడ విరగ్గొట్టాక ద్రౌపది శపథం తీరి జుట్టు ముడి వేసుకుంటుంది. ఆ తర్వాత అగ్నిగుండం. నాటకం ఎక్కడ ముగిసిందో, మొక్కు ఎక్కడ మొదలైందో విడదీసి చెప్పడం ఎవరి వల్లా కాదు.

ఇదంతా నడిచేది ఉభయదారుల ఖర్చుతో, ఇంటింటి చందాతో. ఒక రోజు ఖర్చు ఒక కుటుంబానిది, మరో రోజుది పక్క ఊరిది. మేళం వాళ్లకు వరసగా అన్ని రోజుల పని దొరుకుతుంది. ఒక ఊళ్లో బాగా ఆడితే పక్క ఊరి కమిటీ కబురు పెడుతుంది. మార్కెట్ అనండి, గౌరవం అనండి, కళాకారుడికి కావలసిన రెండూ అక్కడే ఉన్నాయి.

తిరుపతి గంగమ్మ జాతర ఇంకో మెట్టు పైన ఉంటుంది. అక్కడ ప్రేక్షకుడే వేషధారి. దాక్కున్న పాలెగాణ్ణి వెతకడానికి అమ్మవారు రోజుకో వేషం కట్టిందన్నది కథ. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి అంటూ ఆ వేషాలన్నీ జనమే వేస్తారు. ఒళ్లంతా బొగ్గుపొడి పూసుకున్న కుర్రాడు, చీర కట్టి జడ వేసుకున్న మగవాడు వీధి వెంట నడుస్తుంటే ఎవరూ ఎగతాళి చేయరు. ఇంత పెద్ద నాటకానికి ఆడిషన్లు లేవు, టికెట్లు లేవు.

తంజావూరు జిల్లా మెలట్టూరుకు వెళ్తే ఈ మాట ఇంకా గట్టిగా చెప్పొచ్చు. నాయకరాజుల కాలంలో అక్కడ స్థిరపడ్డ కుటుంబాలు ఇప్పటికీ నృసింహ జయంతికి భాగవత మేళా ఆడుతున్నాయి. చుట్టూ తమిళం, ఆడేది మాత్రం మెలట్టూరు వెంకటరామశాస్త్రి రాసిన తెలుగు నాటకాలు. ఉద్యోగాల కోసం నగరాలకు వెళ్లిపోయిన వాళ్లు సెలవు పెట్టుకుని వచ్చి వేషం కడతారు. నరసింహుడి ముఖోటాకు పూజ చేస్తారు, అది ధరించే నటుడు ఉపవాసం ఉంటాడు. తెలుగు రాష్ట్రాలకు అంత దూరంలో తెలుగు నాటకం నిలబడిందంటే దాన్ని ఊరు సొంతం చేసుకోవడం వల్లనే.

ఇప్పుడు సర్కారు వేదిక దగ్గరికి వద్దాం. కార్యక్రమానికి ముందు రోజు ఫోన్ వస్తుంది. బృందమంతా బస్సెక్కి వస్తుంది. మంత్రిగారి రాక ఆలస్యమైతే గంటల తరబడి వేదిక పక్కనే కూర్చోవాలి. రాగానే పది నిమిషాల్లో ముగించమంటారు. తెల్లవార్లూ నడవాల్సిన యక్షగానం పది నిమిషాల్లో ఏమవుతుంది? ఆ మీదట శాలువా, మెమెంటో, గ్రూప్ ఫొటో. పారితోషికం బిల్లు ఎప్పుడు పాసవుతుందో అడగడానికి మొహమాటం.

పురస్కారాలు వద్దని నేను అనను. చిందు యక్షగానానికి గడ్డం సమ్మయ్య, బుర్రవీణకు దాసరి కొండప్ప 2024లో పద్మశ్రీ అందుకున్నప్పుడు అందరిలాగే నేనూ పొంగిపోయాను. కానీ 2022లో పద్మశ్రీ పొందిన కిన్నెర మొగులయ్య రెండేళ్లకే కూలి పనికి వెళ్తూ వార్తల్లో కనిపించారు. దేశం ఇచ్చిన గౌరవం ఆయనకు వాయించే చోటు చూపించలేకపోయింది. ఏడాదికి పది ఊళ్లు మూడేసి రోజులు కిన్నెర పాట పెట్టించుకుంటే ఆ పరిస్థితి వచ్చేదా? తెలంగాణ వచ్చాక సాంస్కృతిక సారథి అనే ప్రభుత్వ సంస్థ ద్వారా కళాకారులకు జీతాలు ఇవ్వడం మంచి పనే. అయితే జీతం తీసుకున్న గొంతు ఎక్కువగా పాడింది ప్రభుత్వ పథకాల గురించే. డబ్బు పైనుంచి వస్తే పాట కూడా పైనుంచే వస్తుంది.

ఊరికి డబ్బిస్తే డీజేలకు తగలేస్తారు, పార్టీలవారీగా పంచుకుంటారు, కులం అడ్డొస్తుంది అని అభ్యంతరం చెబుతారు. మూడో మాటను నేను తేలిగ్గా తీసుకోను. చిందు కళాకారులను ఊరు నెత్తిన పెట్టుకున్న చరిత్ర కాదు మనది, డప్పు మోత కావాలన్న ఊరే డప్పు కొట్టేవాణ్ణి దూరం పెట్టింది. కాబట్టి షరతులు ఉండాల్సిందే. లెక్కలు గ్రామసభలో చదవాలి, పారితోషికం కళాకారుడి బ్యాంకు ఖాతాలోనే పడాలి, దళిత, సంచార కులాల బృందాలకు వాటా రాసిపెట్టాలి. రోడ్డు పనుల్లో అవినీతి జరుగుతోందని పంచాయతీలకు రోడ్లు వేసే పని మాన్పించలేదు కదా.

నిజానికి ఇందుకు కొత్త చట్టం కూడా అక్కర్లేదు. 73వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 11వ షెడ్యూల్‌లో పంచాయతీల కోసం 29 అంశాలు ఉన్నాయి. 20వది గ్రంథాలయాలు, 21వది సాంస్కృతిక కార్యక్రమాలు. గ్రంథాలయాలకైనా ఒక దారి ఉంది, ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు సెస్సు కింద వసూలవుతాయి. పక్కనే ఉన్న 21వ అంశానికి అలాంటి సెస్సు పైసా లేదు. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం పంచాయతీలకు సిఫార్సు చేసిన గ్రాంట్లలో 40 శాతాన్ని, జీతభత్యాలకు తప్ప, ఈ 29 అంశాల్లో ఊరికి ఏది అవసరమనుకుంటే దానికి వాడుకునే వీలు కల్పించారు. అంటే నాటకం మేళానికి అడ్వాన్సు ఇవ్వడానికి సర్పంచికి కాగితం మీద అధికారం ఉంది. చేతిలోనే ఏమీ మిగల్లేదు. ఆ నిధులను కరెంటు బకాయిలకు మళ్లించారంటూ ఆంధ్రప్రదేశ్‌లో సర్పంచులు రోడ్డెక్కిన సంగతి తెలిసిందే. కాబట్టి కళల గురించి బాధపడేవాళ్లు ముందు పంచాయతీ అధికారాల గురించి పోట్లాడాలి. ఊరి డబ్బు ఊరికి దక్కకుండా ఊరి కళ మాత్రం బతకాలంటే కుదరదు.

అనుమతుల సంగతీ ఇలాగే ఉంది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట మైకు కుదరదు. పండగలు, సాంస్కృతిక కార్యక్రమాల కోసం ఏడాదికి 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వొచ్చు. పదో తరగతి పిల్లలు చదువుకునే రోజుల్లో ఈ నియమం న్యాయమే. కానీ ఆ 15 రోజులూ ఏవో ఖరారు చేసేముందు ఏ ఊరినైనా అడిగారా? భారతం జరిగే ఊరికి ఒక తేదీలు, నవమి పందిరి వేసే ఊరికి ఇంకో తేదీలు కావాలి. జిల్లా స్థాయిలోనైనా గ్రామసభల తీర్మానాలు తెప్పించుకుని ఆ రోజులు ప్రకటించడం పెద్ద కష్టమేమీ కాదు.

ఏప్రిల్ 24 జాతీయ పంచాయతీరాజ్ దినోత్సవం. ఆ రోజు గ్రామసభ పెడితే ఎజెండాలో తాగునీరు, డ్రైనేజీ ఎలాగూ ఉంటాయి. వాటి పక్కన 21వ అంశం కూడా రాయించండి. మన ఊరికి ఈ వేసవిలో ఏ మేళాన్ని పిలుద్దాం, ఎన్ని రోజులు ఆడిద్దాం, ఎంత ఇద్దాం అన్నది అక్కడే తీర్మానం చేయించి, దాని నకలు కలెక్టరాఫీసుకు పంపించండి.