సుగుణక్క హైదరాబాదు క్యాంపు

మేం ఉండేది చిత్తూరు గ్రీమ్స్‌పేటలో. మా ఓనర్లు రెడ్డెప్పన్న, సుగుణక్క కింద పోర్షన్లో ఉంటారు, వాళ్ళ వంటింటి కిటికీ కరెక్టుగా మా మెట్ల కాడే, అందుకే మా ఇంట్లో సీరియల్స్ చూసే అలవాటు పోయింది. అక్క పల్ప్ ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూస్తాది, మామిడికాయల సీజన్ అయిపోతానే సరుకు కొనే పార్టీల మీటింగులని హైదరాబాదు, వైజాగ్ తిరగతా ఉంటాది. అన్న వీఆర్‌ఎస్ తీసుకుని ఇంట్లోనే ఉంటాడు, చేతిలో ఫోను, ఫోన్లో మ్యాపు. సాయంత్రం హైదరాబాదు పోయే వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్‌కి పోవాల, అక్క బ్యాగు సర్దతా ఉంది.

రెడ్డెప్ప: ఏమ్మే, శుక్రవారం మధ్యాన్నం భోజనాలతో మీటింగు అయిపోతాది కదా, రైలేమో రాత్రికి. మధ్యలో ఏం చేస్తావు?

సుగుణ: పండుకుంటా.

రెడ్డెప్ప: పండుకుంటావా! కంపెనీవాళ్ళు చార్జీలిచ్చి అంత దూరం పంపిస్తే పండుకునేదానికా? మంచం మనింట్లో లేదా?

సుగుణ: ఉంది. దాని మీద నువ్వూ ఉండావు.

(ఇక్కడ అక్క మిక్సీ వేసింది. అన్న ఏమన్నాడో మాకు వినపళ్ళా.)

రెడ్డెప్ప: నేను అంతా చూసి పెట్టినా. కాచిగూడ క్లోక్‌రూమ్‌లో బ్యాగు పడేయి, బ్యాగుకు తాళం ఉండాల, లేకుంటే తీసుకోరు, టికెట్టు కూడా చూపించాల. ఆన్నించి ఆటో ఎక్కి సాలార్జంగ్ మ్యూజియం పో. ఆడ ఒక గడియారం ఉంటాది మే, గంట కొట్టే టైముకు జనమంతా దాని ముందర చేరతారంట, లోపల్నించి గడ్డమున్న బొమ్మ బయటికొచ్చి టైమెంతో అన్ని గంటలు కొట్టి మళ్ళా లోపలికి పోతాదంట. ఇంగ ఆ రెబెక్కా బొమ్మ, పాలరాయే అంతా, అయినా ముసుగులోంచి మొహం కనిపిస్తాదంట, 1876లో మొదటి సాలార్జంగు ఇటలీలో కొన్నాడంట...

సుగుణ: మామా, శుక్రవారం సాలార్జంగు సెలవు.

రెడ్డెప్ప: ఎవురు చెప్పినారు?

సుగుణ: పోయినసారీ నీ ప్లానే కదా. గేటు కాడ ఆటో దిగి తాళం చూసొచ్చినా. తాళం బాగుంది.

రెడ్డెప్ప: అట్లయితే చౌమహల్లా ప్యాలెస్.

సుగుణ: అదీ శుక్రవారమే సెలవు.

రెడ్డెప్ప: చార్మినార్‌కు సెలవు లేదు కదా! 1591లో కట్టింది, 149 మెట్లెక్కితే...

సుగుణ: ఎవరి మోకాళ్ళతో?

రెడ్డెప్ప: సరే గోల్కొండ. కింద ఫతే దర్వాజా కాడ నిలబడి చప్పట్లు కొడితే కొండ మీద బాలాహిస్సార్ కాడ వినిపిస్తాది. మైకు లేదు, వైరు లేదు. శత్రువులొస్తే పైకి తెలిసేదానికి ఆ కాలంలోనే అట్లా కట్టినారు.

సుగుణ: ఒక్కదాన్ని పొయ్యి కింద నిలబడి నేనే చప్పట్లు కొట్టి, మళ్ళా పైకి పరిగెత్తి నేనే వినాల్నా?

రెడ్డెప్ప: నీకు చెప్పి లాభం లేదు. వైజాగ్ పోయినప్పుడూ ఇంతే. సముద్రం అడుగున తిరిగే సబ్‌మెరైన్‌ని జనం చూస్తారని ఒడ్డుకు లాక్కొచ్చి పెట్టినారు, లోపలికి పొయ్యి చూడచ్చు, నువ్వు రోడ్డు మీంచి ఫొటో తీసి పంపిస్తివి. కురుసుర అంటే ఏమనుకున్నావు? 1969 నుంచి 2001 దాకా నేవీలో పని చేసి రిటైరైంది!

సుగుణ: రిటైరైనోళ్ళను రోజూ ఇంట్లో చూస్తానే ఉండా, మళ్ళా టికెట్టు కొని చూడల్లా?

(మా ఇంటాయన మెట్ల మీద నోట్లో టవలు కుక్కుకున్నాడు.)

రెడ్డెప్ప: అంతేలే, అనుమే. రూమ్‌లో పండుకునేదానికి వైజాగ్ అయితేనేం, పలమనేరు అయితేనేం.

సుగుణ: నీకు తెలీదు మామా. రూమ్‌లోకి పోతానే తలుపు గడియ పెడతానా, ఆ దుప్పటి పరుపు కింద బిగించి దోపింటారు చూడు, మంచానికి కట్టేసినట్టు, దాన్ని రెండు కాళ్ళతో తన్ని తన్ని పెరికితే వస్తాదే ఒక సుఖం, అది నీ చార్మినార్ మీద కూడా రాదు. ఏసీ రిమోటు నా చేతిలో, చల్లగా ఉందే తగ్గించు అనేవాడు లేడు, టీ పొట్లాం నేనే చించుకుని నేనే కలుపుకుని మంచం మీదే తాగితే గ్లాసు కింద మరక పడిందే అనేవాడు లేడు, టీవీ పెడతా, చూడను, ఊరికే మోగతా ఉంటాది, చీకటి పడితే లైటు వేయను, ఏం వండాల అనే మాటే లేదు. ఇంగ కన్ను మూత పడేటప్పటికి ఫోన్. ఎవురు? నువ్వే.

రెడ్డెప్ప: పని పడితేనే కదా చేస్తాను.

సుగుణ: ఏం పని? మొన్న వైజాగ్‌లో ఉంటే వీడియో కాల్ చేసి కుక్కరు నా మొహం ముందర పెట్టి ఆవిరంతా పోతాందే అంటివి. గాస్కెట్ ఫ్రిజ్‌లో పెట్టినా, లూజైతే గట్టిపడతాదని, అంటే ఫ్రిజ్‌లో గాస్కెట్ ఏందే నీకేమన్నా పిచ్చా అని నన్నే అరిస్తివి. మళ్ళా పది నిమిషాలకు, ఊరుబిండి పచ్చడి గట్టిగా ఉంది నీళ్ళు పోయచ్చా అని ఇంగో కాలు. ఆ ఫోన్లు లేకుంటే ఈపాటికి ఆ సబ్‌మెరైన్ని రెండుసార్లు చూసుందును.

రెడ్డెప్ప: నేను సర్వీసులో ఉన్నప్పుడు క్యాంపు పోతే ఒక్క గంట వేస్టు చేయలా, తెలుసా?

సుగుణ: కాణిపాకంలో మునిగి ఆ మాట చెప్తావా? ఎంత దూరం, ఆటో నేను మాట్లాడతా.

రెడ్డెప్ప: ప్రతిదానికీ వినాయకుణ్ణి లాగద్దు.

సుగుణ: నెలకోసారి బెంగుళూరు పోతా ఉంటివే, లాల్‌బాగ్ చూసినావా?

రెడ్డెప్ప: ఎదురుగా హోటల్లో దోసె తిన్నా. అద్దాల మేడ ఆన్నించి కనపళ్ళా.

సుగుణ: అంత దూరం ఎందుకు, తిరుపతికి పోతా వస్తా చంద్రగిరి కోట బస్సు కిటికీలోంచి చూస్తావు, ఒక్కరోజన్నా దిగినావా? రాజమహల్ లోపల మ్యూజియం ఉంది, మద్రాసులో కోట కట్టుకునేదానికి ఇంగ్లీషోళ్ళకు 1639లో స్థలం రాసిచ్చింది ఈ చంద్రగిరి రాజులే అని నా కొడుక్కు నువ్వే పాఠం చెప్తివి. వాడు పొయ్యి చూద్దాం నాయనా అంటే, ఈరోజు శుక్రవారం మ్యూజియం సెలవు అంటివి. అదొక్కటి బాగా గుర్తుంటాది నీకు.

(దీనికి అన్న దగ్గర జవాబు లేదు, నాకు తెలిసి ఎవరి దగ్గరా ఉండదు. కొంచేపు జిప్పు లాగిన చప్పుడే వినపడింది.)

రెడ్డెప్ప: సరే, ఇంగ కొట్లాట వద్దు. ఒకటి చెప్తా, కోప్పడద్దు.

సుగుణ: చెప్పు.

రెడ్డెప్ప: నేనూ వస్తాండా. వెంకటాద్రిలోనే. వెయిటింగ్ లిస్టు ఉండె, మధ్యాన్నం కన్ఫర్మ్ అయింది. నువ్వు మీటింగులో ఉంటే నేను రూమ్‌లో ఉంటా, ఆపైన ఇద్దరం కలిసి తిరగచ్చు.

(ఏదో స్టీలుది కింద పడింది. గ్లాసో, చెంబో.)

సుగుణ: రూమ్‌లోనా? నా రూమ్‌లో?

రెడ్డెప్ప: డబుల్ బెడ్డే కదా, ఫోన్ చేసి కనుక్కున్నా.

సుగుణ: ...సరే రా మామా. టికెట్టు వేస్టు చేయడమెందుకు. శుక్రవారం మధ్యాన్నం నువ్వు గోల్కొండ పో. కింద దర్వాజా కాడ నిలబడి చప్పట్లు కొడతా ఉండు, నాకు వినపడితే లేచి వస్తా.

రెడ్డెప్ప: రూమ్ కాచిగూడలో కదమ్మే! ఆడికెట్లా వినపడతాది?

సుగుణ: గట్టిగా కొట్టు.

రెడ్డెప్ప: ...వీడియో కాల్ చేసి కొడతాలే.