ఎనిమిది జట్లు చాలు, పదహారు ఎందుకు?

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ (సాకర్ కాదు, అమెరికన్ ఫుట్‌బాల్) పెద్దలకు సీజన్ చివర జాతీయ ఛాంపియన్‌ను తేల్చే 12 జట్ల ప్లేఆఫ్ కూడా చాలడం లేదట. 16 చేద్దామని కొందరు, 24 అయినా తప్పులేదని మరికొందరు అంటున్నారు. 2014 నుంచి పదేళ్ల పాటు 4 జట్లతో నడిచిన పోటీని 2024లోనే ఒక్కసారిగా 12కు పెంచారు. ఆ మార్పు మంచిదో చెడ్డదో తేలకముందే మళ్లీ బేరం మొదలైంది. నా లెక్క వేరు. 12 ఇప్పటికే ఎక్కువ, 8 చాలు. 16 చేస్తే ఈ ఆటకు ఉన్న ఒకే ఒక్క ప్రత్యేకతను చేజేతులా పారేసుకున్నట్టే.

పెంచాలనేవారు ఎప్పుడూ చెప్పేది అన్యాయం గురించే. 2023లో ఫ్లోరిడా స్టేట్ 13 మ్యాచ్‌లు ఆడి 13 గెలిచింది, తన కాన్ఫరెన్స్ (కొన్ని కాలేజీలు కలిసి ఆడే లీగ్) టైటిల్ కూడా సాధించింది. అయినా జట్టు దాడిని నడిపించే క్వార్టర్‌బ్యాక్ గాయపడ్డాడన్న సాకుతో ప్లేఆఫ్ జట్లను ఎంచే కమిటీ దాన్ని పక్కనపెట్టి, ఒక ఓటమి ఉన్న అలబామాను నాలుగో జట్టుగా తీసుకుంది. అది ముమ్మాటికీ అన్యాయమే, అందులో నాకు వాదన లేదు. కానీ 12కు పెంచాక ఏం జరిగింది? 2024లో అలబామా, మయామీ, సౌత్ కరోలినా గోల పెట్టాయి. 2025లో 10 గెలిచి 2 ఓడిన నోటర్ డేమ్‌కు చోటు దక్కలేదు. అలిగి మరే బౌల్ గేమూ (సీజన్ తర్వాత జరిగే ప్రత్యేక మ్యాచ్) ఆడబోమని ఇంటికి వెళ్లిపోయింది. బాస్కెట్‌బాల్‌లో 68 జట్లను పిలుస్తున్నా ప్రతి మార్చిలో 69వ జట్టు ఏడుపు వినిపిస్తూనే ఉంది. గీత ఎక్కడ గీసినా దానికి అవతల ఒకరు నిలబడే ఉంటారు. ఎక్కువ జట్లను పిలిస్తే న్యాయం పెరగదు, ఫిర్యాదు చేసే జట్టు స్థాయి మాత్రం తగ్గుతుంది. అజేయంగా నిలిచి చోటు దక్కని జట్టు ఆక్రోశం వేరు, రెండు మూడు ఓటములు మూటగట్టుకున్న జట్టు అలక వేరు.

అసలు విషయం 2024 నవంబరు 30న కొలంబస్‌లో జరిగింది. ఒహాయో స్టేట్ తన సొంత మైదానంలో మిషిగన్‌తో ఆడింది. ఈ రెండింటి వైరం గురించి ఈ ఆట చూసేవారికి కొత్తగా చెప్పక్కర్లేదు. అంతకుముందు ఆడిన 11 మ్యాచ్‌ల్లో 5 ఓడి, ఆ ఏడాది డీలాపడి వచ్చిన మిషిగన్ 13-10తో గెలిచింది. ఒహాయో స్టేట్‌కు మిషిగన్ చేతిలో అది వరుసగా నాలుగో ఓటమి. మ్యాచ్ ముగిశాక మైదానం మధ్యలో జెండా నాటబోతే కుమ్ములాట జరిగింది, పోలీసులు పెప్పర్ స్ప్రే కొట్టాల్సి వచ్చింది. కోచ్ ర్యాన్ డేను సాగనంపాలని అభిమానులు కేకలు వేశారు. ఏ లెక్కన చూసినా ఆ సీజన్ అక్కడితో కూలిపోయినట్టే.

కానీ ఏమీ కూలలేదు. సరిగ్గా 51 రోజుల తర్వాత అట్లాంటాలో నోటర్ డేమ్‌ను 34-23తో ఓడించి అదే ఒహాయో స్టేట్ జాతీయ ఛాంపియన్ అయింది.

దీన్ని చాలామంది గొప్ప పునరాగమనంగా రాశారు. నాకు మాత్రం అది ఒక నేరం జరిగిన చోటులా కనిపించింది. ఆ నవంబరు శనివారం లక్షమందికి పైగా జనం గొంతులు చించుకుని అరిచిన మ్యాచ్‌కు ఛాంపియన్‌షిప్ లెక్కల్లో విలువ సున్నా అని తేలింది. 2006లో ఇవే రెండు జట్లు మొదటి, రెండో ర్యాంకుల్లో, రెండూ అజేయంగా తలపడినప్పుడు ఒహాయో స్టేట్ 42-39తో గట్టెక్కింది. ఓడిన మిషిగన్‌కు టైటిల్ పోరులో చోటు లేకుండా పోయింది. మూడు పాయింట్ల తేడా ఒక ఏడాది శ్రమను తేల్చేసింది. కఠినమే, కానీ ఆ కాఠిన్యం వల్లే జనం ఊపిరి బిగపట్టి చూశారు. 12 జట్ల ప్లేఆఫ్ వచ్చాక అలాంటి మ్యాచ్‌లో ఓడినవారికి పోయేది కాస్త పరువు, కొంచెం సీడింగ్ (ప్లేఆఫ్‌లో ఇచ్చే వరుస స్థానం). అంతే.

ఓరెగన్ సంగతి ఇంకా విడ్డూరం. ఆ సీజన్‌లో ఓరెగన్ 13 మ్యాచ్‌లూ గెలిచింది. అక్టోబరులో ఒహాయో స్టేట్‌ను 32-31తో ఓడించింది. ఆ రెండు జట్లూ ఆడే కాన్ఫరెన్స్ బిగ్ టెన్ టైటిల్ గెలిచింది, ప్లేఆఫ్‌లో మొదటి సీడ్ పొందింది. అంత చేసినందుకు దక్కిన బహుమతి ఏమిటంటే కొన్ని వారాల ఖాళీ, ఆ తర్వాత క్వార్టర్ ఫైనల్‌గా జరిగిన రోజ్ బౌల్ మ్యాచ్‌లో మళ్లీ అదే ఒహాయో స్టేట్. రెండో క్వార్టర్‌లోనే 34-0తో వెనకబడి, చివరికి 41-21తో ఓడింది. సీజన్ మొత్తంలో ఒక్కటే ఓడిన జట్టు ఇంటికి పోయింది, రెండు ఓడిన జట్టు కప్పు ఎత్తింది. అవి ఒకదానితో ఒకటి ఆడిన మ్యాచ్‌లు చెరొకటి గెలిచాయి. జనవరిలో గెలిచిందే లెక్కకు వచ్చింది, అక్టోబరులో గెలిచింది గాలికి పోయింది.

మొదటి 4 సీడ్లకు తొలి రౌండ్ ఆడకుండా ఇచ్చే ‘బై’ పెద్ద వరమని మొదట్లో అనుకున్నారు. 2024లో ఆ వరం పొందిన ఓరెగన్, జార్జియా, బోయిసీ స్టేట్, అరిజోనా స్టేట్ నాలుగూ తమ మొదటి మ్యాచ్‌లోనే ఓడాయి. 2025లో ఒహాయో స్టేట్, జార్జియా, టెక్సాస్ టెక్ అలాగే ఓడాయి, ఇండియానా ఒక్కటే గట్టెక్కింది. రెండేళ్లలో 8 జట్లకు బై దక్కితే 7 ఓడాయి. తుప్పు పట్టేంత విరామం ఇచ్చి దాన్ని బహుమతి అనడం ఈ పోటీకే చెల్లింది. మన ఐపీఎల్‌లో లీగ్ దశలో మొదటి రెండు స్థానాల్లో నిలిచిన జట్లకు ఒక ఓటమి తర్వాత కూడా ఇంకో అవకాశం ఉంటుంది. నిలకడగా ఆడినందుకు అది నిజమైన ఫలం.

అందుకే 8 అంటున్నాను. అత్యున్నత ర్యాంకుల్లో ఉన్న ఐదుగురు కాన్ఫరెన్స్ ఛాంపియన్లు నేరుగా రావాలి, మిగిలిన మూడు చోట్లు ర్యాంకులను బట్టి ఇవ్వాలి. బై ఎవరికీ ఉండకూడదు. క్వార్టర్ ఫైనల్స్ నాలుగూ మెరుగైన సీడ్ ఉన్న జట్టు సొంత క్యాంపస్‌లో జరగాలి. డిసెంబరు చలిలో, సొంత జనం మధ్య ఆడే హక్కు కంటే పెద్ద బహుమతి ఈ ఆటలో ఏముంది?

ఈ సూత్రాన్ని 2024కు వర్తింపజేస్తే ఓరెగన్, జార్జియా, బోయిసీ స్టేట్, అరిజోనా స్టేట్, క్లెమ్సన్ ఛాంపియన్లుగా వస్తాయి. టెక్సాస్, పెన్ స్టేట్, నోటర్ డేమ్ ర్యాంకులతో వస్తాయి. ఆరో ర్యాంకులో ఉన్న ఒహాయో స్టేట్‌కు చోటు ఉండదు. అంటే కప్పు గెలిచిన జట్టే నా పద్ధతిలో గుమ్మం దాటదు. 2025లో పదో సీడ్‌గా వచ్చి ఫైనల్ దాకా వెళ్లిన మయామీ కూడా అంతే. ఇది నా వాదనకు దెబ్బ అని మీరనుకుంటే, నాకు అదే అసలు బలం. సొంత కాన్ఫరెన్స్‌లో ఫైనల్‌కు కూడా చేరలేని జట్టు దేశానికి ఛాంపియన్ ఎలా అవుతుంది? నవంబరు 30న ఓడితే దారి మూసుకుపోతుందని తెలిస్తే ఆ మ్యాచ్ 2006 నాటి మ్యాచ్ అవుతుంది. మిషిగన్ గెలుపుకు అర్థం ఉంటుంది.

అవతలివారి వాదన తీసిపారేసేది కాదు. అడుగు నుంచి వచ్చినవారు గెలవడంలో ఒక మజా ఉంది. 2009లో దక్కన్ ఛార్జర్స్ లీగ్‌లో నాలుగో స్థానంలో నిలిచి, సెమీస్‌లో అగ్రస్థానంలో ఉన్న ఢిల్లీని ఓడించి కప్పు తెచ్చినప్పుడు హైదరాబాద్‌లో ఎవరూ సీడింగ్ న్యాయాల గురించి మాట్లాడలేదు. కానీ అక్కడ 8 జట్లు ఒకదానితో ఒకటి రెండేసిసార్లు ఆడాయి. ఒక్కో ఓటమిని దిద్దుకోవడానికి 14 మ్యాచ్‌లు ఉన్నాయి. కాలేజీ ఫుట్‌బాల్ అగ్రశ్రేణిలో 130కి పైగా జట్లు, ఒక్కోదానికి 12 మ్యాచ్‌లే. చాలా జట్లు ఒకదాని మొహం ఒకటి చూసుకోవు. మ్యాచ్‌లు అంత తక్కువైనప్పుడు ప్రతి ఒక్కటీ బరువుగా ఉండాలి.

ఇదంతా పెంచాలనేవారికి తెలియక కాదు. ఏ ఆటలోనైనా ఎన్ని జట్లు ఆడాలన్నది మైదానంలో తేలడం మానేసి చాలా కాలమైంది. క్రికెట్‌నే చూడండి. 2007 ప్రపంచకప్‌లో 16 జట్లు ఆడాయి. బంగ్లాదేశ్, శ్రీలంక చేతుల్లో ఓడి భారత్, ఐర్లాండ్ చేతిలో ఓడి పాకిస్థాన్ మొదటి దశలోనే ఇంటికొచ్చాయి. అభిమానులు కుమిలిపోయారు, అది సహజం. అంతకంటే ఎక్కువగా ప్రకటనలు అమ్ముకున్నవారు కుమిలిపోయారు. ఆ తర్వాత జట్ల సంఖ్య 14కు, 2019 నాటికి 10కి దిగింది. ప్రతి జట్టూ 9 మ్యాచ్‌లు ఆడే పద్ధతి వచ్చింది. అంటే 2019, 2023ల్లో ఎంత చెత్తగా ఆడినా భారత్ మ్యాచ్‌లు తొమ్మిది ఖాయమయ్యాయి. రెండుసార్లు ప్రపంచకప్ గెలిచిన వెస్టిండీస్ 2023లో అర్హతే సాధించలేకపోయింది. క్రికెట్‌లో డబ్బు జట్లను తగ్గించింది, కాలేజీ ఫుట్‌బాల్‌లో డబ్బు జట్లను పెంచుతోంది. దిశలు వేరైనా చెయ్యి ఒకటే. ఏ సంఖ్య దగ్గర ఎక్కువ మంది టీవీ ముందు కూర్చుంటారో అదే న్యాయమైన సంఖ్య అవుతుంది, దానికి తగిన ఆదర్శాలు తర్వాత వెతుక్కుంటారు.

ప్లేఆఫ్ ప్రసారానికి ఈఎస్‌పీఎన్ ఆరేళ్లకు సుమారు 780 కోట్ల డాలర్లు ఇస్తోంది. అందులో సగానికి పైగా బిగ్ టెన్, ఎస్‌ఈసీ అనే రెండు కాన్ఫరెన్సులకే పోతుంది. ప్లేఆఫ్ రూపురేఖలపై ఎక్కువ అధికారం కూడా ఆ రెండింటిదే. బిగ్ టెన్ ఒక దశలో ఆట మొదలవకముందే తనకు నాలుగు చోట్లు, ఎస్‌ఈసీకి నాలుగు చోట్లు రాసిపెట్టాలని అడిగింది. మైదానంలో సంపాదించుకోవలసిన దాన్ని దస్తావేజు మీద రాయించుకోవడం ఇది. డాలస్ విమానాశ్రయం పక్కన గ్రేప్‌వైన్‌లో ఒక హోటల్ గదిలో కూర్చుని ర్యాంకులు వేసే కమిటీని నేనెప్పుడూ నమ్మలేదు. కానీ ఆ కమిటీ కనీసం మ్యాచ్‌లు చూసినట్టు నటిస్తుంది.

అదనపు రౌండ్లలో ఒళ్లు హూనం చేసుకునేది కుర్రాళ్లు. మన పిల్లలు ఎమ్మెస్ చదవడానికి వెళ్లే అరిజోనా స్టేట్, టెక్సాస్ టెక్ లాంటి విశ్వవిద్యాలయాల్లోనే వీళ్లూ చదువుతున్నారు, కనీసం కాగితం మీద. డిసెంబరు పరీక్షలు ముగుస్తుండగానే ప్లేఆఫ్ మొదలవుతుంది. 2025 నుంచి విశ్వవిద్యాలయాలు వీళ్లకు నేరుగా డబ్బు చెల్లించడం మొదలుపెట్టడం మంచిదే, ఎప్పుడో జరగాల్సింది. కానీ కాన్ఫరెన్స్ ఫైనల్ ఆడి, బై లేకుండా టైటిల్ దాకా వెళ్లే జట్టు ఇప్పుడే 17 మ్యాచ్‌లు ఆడాలి. వృత్తి ఆటగాళ్ల ఎన్‌ఎఫ్‌ఎల్‌లో లీగ్ దశ అంతటికీ ఉన్నవి 17.

పెంపు కోరేవారి చిత్తశుద్ధికి ఒక పరీక్ష ఉంది. 2006కు ముందు ఈ ఆటలో సాధారణంగా సీజన్‌కు 11 మ్యాచ్‌లే ఉండేవి, పన్నెండోదాన్ని ఆదాయం కోసం చేర్చారు. 16 జట్లు నిజంగా కావాలంటే ఆ పన్నెండో మ్యాచ్‌ను వదులుకుని రమ్మనండి. చాలా జట్లకు అది ఏ చిన్న కాలేజీనో పిలిచి చితక్కొట్టే సొంత మైదానం మ్యాచ్. పెద్ద కాలేజీలకు దాని అర్థం లక్ష టికెట్లు, నిండిన పార్కింగ్ స్థలాలు. ఎన్ని విశ్వవిద్యాలయాలు సంతకం పెడతాయో చూద్దాం.