దండెం రద్దు బిల్లు: కొన్ని సవరణలు

తెలుగులో ఉతికి ఆరేయడం ఒకే పని. ఎవరినైనా నలుగురిలో ఉతికారంటే సగం మాటే చెప్పినట్టు. ఆరేస్తేనే కార్యక్రమం పూర్తయినట్టు. భాష ఎప్పుడో కలిపేసిన ఈ రెండు పనులనూ కంపెనీలు ఇప్పుడు ఒకే డ్రమ్ములో కలిపి, వాషర్ డ్రయర్ అనే పేరుతో యాభై అరవై వేలకు పైమాటగా అమ్ముతున్నాయి. దాంతో మియాపూర్‌లోనో మణికొండలోనో 1100 చదరపు అడుగుల డబుల్ బెడ్రూం ఫ్లాట్‌లో ఉంటున్న నలుగురు మనుషుల కుటుంబం ముందు ఒక రాజ్యాంగ సమస్య వచ్చి కూర్చుంది: దండేన్ని రద్దు చేయవచ్చా?

సమస్య చిన్నదేమీ కాదు. యుటిలిటీ అనబడే ప్రాంతం నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు. గిన్నెల సింకు, ఖాళీ గ్యాస్ బండ, చీపురు, ఉల్లిపాయల బుట్ట పోగా మిగిలిన గాలిలో దండెం. తడి లుంగీ మొహానికి తగలకుండా సింకు దాకా వెళ్లిరావడం ఒక విద్య. పోనీ బయటి బాల్కనీలో ఆరేద్దామంటే, రోడ్డు వైపు బట్టలు కనిపిస్తే బిల్డింగు పరువు పోతుందని అసోసియేషన్ వారు లిఫ్టులో నోటీసు అంటించారు. పరువు కోసం అందరూ బట్టలు కట్టుకోవాలి. ఆ బట్టలు మాత్రం ఎక్కడా ఆరకూడదు. ముసురు పట్టిన జూలై, ఆగస్టుల్లో హాల్లో ఫ్యాను కింద కుర్చీల మీద ఆరేస్తే, వచ్చిన చుట్టాలు నిలబడే మాట్లాడి వెళ్లిపోతారు. దీన్ని నష్టాల పద్దులో రాయాలా, లాభాల పద్దులో రాయాలా అన్నది కుటుంబం ఇష్టం.

బిల్లులో మొదట నిర్వచనాలుంటాయి కదా, అక్కడే పేచీ. సెమీ ఆటోమేటిక్ మిషన్‌లో పక్కనుండే చిన్న తొట్టిని మనం ఏనాటి నుంచో డ్రయర్ అంటున్నాం. అది ఆరబెట్టదు, గట్టిగా పిండుతుంది, అంతే. కాబట్టి షాపులో "డ్రయర్ ఉందా బాబూ?" అని అడిగితే, "ఉందండీ" అనే కుర్రాడు అబద్ధం ఆడినట్టు కాదు. అడగాల్సిన ప్రశ్న వేరు: "ఆరబెట్టే కెపాసిటీ ఎన్ని కిలోలు?" వేడిగాలితో నిజంగా ఆరబెట్టే మిషన్ అయితే రెండంకెలు చెప్తారు: ఉతకడానికి 8, ఆరబెట్టడానికి 5. రెండో అంకె రాకపోతే మీ ముందున్నది పిండే మిషనే. దానికి ధర కూడా ఆ మేరకే ఇవ్వండి.

ఈ 8కీ 5కీ మధ్య పోయిన మూడు కిలోల గురించి బ్రోచర్లు మౌనం పాటిస్తాయి. డ్రమ్ము అదే, మోటారు అదే. అయితే తడిసిన బట్టలు నీళ్లలో ఒదిగి ఒకదాని మీదొకటి కూర్చుంటాయి; ఆరాలంటే మాత్రం అవి డ్రమ్ములో పైకి లేచి, విడివిడిగా కింద పడాలి, మధ్యలోంచి వేడిగాలి దూరాలి. అందుకు ఖాళీ కావాలి. కాబట్టి 8 కిలోలు ఉతికాక మూడు కిలోల బట్టల్ని చేత్తో బయటకు తీసి... ఎక్కడ వేస్తారు? దండెం మీద. రద్దు బిల్లుకు మొదటి సవరణ ఇది.

5 కిలోలంటే ఎంతో అనుకునేరు. స్నానం తువాలు అర కిలో. డబుల్ కాట్ నూలు దుప్పటి కిలోకి అటూఇటూ. జీన్స్ ప్యాంటు ముప్పావు కిలో. నాలుగు తువాళ్లు, దుప్పటి, రెండు జీన్స్ పడేసరికి నాలుగున్నర కిలోలు. మిగిలిన చోటు రెండు చొక్కాలకి. ఇలా వేసినా ఫలితం అనుమానమే, ఎందుకంటే దుప్పటికి డ్రమ్ములో తిరిగేటప్పుడు ఒక దుర్బుద్ధి పుడుతుంది. మిగతా బట్టలన్నిటినీ కడుపులో పెట్టుకుని మూటగా మారుతుంది. తలుపు తీసేసరికి దుప్పటి పైన కరకరలాడుతూ, లోపల చొక్కాలు చల్లగా తడిగా ఉంటాయి. దుప్పట్లు విడిగా, పలచటివి విడిగా, జీన్స్ తువాళ్లు విడిగా ఆరబెట్టాలి. అంటే ఆదివారం మూడు విడతలు. ఉతకడానికి రెండు గంటలు, నిండు విడత ఆరడానికి మూడు నాలుగు గంటలు. ఆరుతున్నంత సేపూ డ్రమ్ము ఖాళీ ఉండదు కాబట్టి రెండో విడత ఉతకడం కుదరదు. పొద్దున ఏడింటికి మొదలెట్టిన కుటుంబం రెండో విడత ముగించేసరికి దీపాలు పెట్టే వేళ దాటుతుంది. మే నెల విజయవాడలో డాబా మీద చివరి బట్టకి క్లిప్పు పెట్టేసరికి మొదటి బట్ట ఆరిపోయి ఉంటుంది. ఇది ఎండ గురించిన పొగడ్త కాదు, పోటీదారు సామర్థ్య నివేదిక.

ఇక నీళ్లు. ఆరబెట్టడానికి నీళ్లెందుకని అడిగేవారిని చూసి నవ్వకండి, చాలా సరైన ప్రశ్న. బట్టల్లోంచి లేచిన ఆవిరి ఎక్కడికైనా పోవాలి. గోడకి కన్నం పెట్టి గొట్టం బయటకి వదిలే డ్రయర్ అయితే ఆవిరి వీధిలోకి పోతుంది. ఈ జంట మిషన్లలో చాలా వాటికి గొట్టం ఉండదు. మిషన్ లోపలే వెనకవైపున్న చిన్న అరలోకి ఆవిరిని పంపి, కుళాయి నీటిని సన్నగా వదిలి చల్లబరిచి, నీరుగా మార్చి డ్రెయిన్‌లోకి పంపుతాయి. ఆ చల్లబరిచే నీరూ దాంతోపాటే పోతుంది. కొన్ని మోడళ్లలో ఉతకడానికి అయినన్ని నీళ్లు ఆరబెట్టడానికీ అవుతాయి. ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకర్ కోసం వాట్సాప్ గ్రూపులో తగువులాడుకునే అపార్ట్‌మెంట్‌లో, తడి బట్టలు పొడిబారడానికి నీళ్లు పోయడం కన్నా గొప్ప ఆధ్యాత్మిక సాధన లేదు. పైగా ఆ రోజుల్లో మధ్యాహ్నం పూట పై ట్యాంకు నీళ్లు చెయ్యి పెట్టలేనంత వేడి. వేడి నీళ్లు ఆవిరిని ఏం చల్లారుస్తాయి? దాంతో ఆరే సమయం ఇంకా సాగుతుంది. కొనేముందు "ఆరబెట్టేటప్పుడు నీళ్లు వాడుతుందా, గాలితో చల్లబరుస్తుందా?" అని అడగండి. సరిగ్గా చెప్పలేకపోతే మాన్యువల్ తెప్పించి, ఆరబెట్టేటప్పుడు కుళాయి తెరిచి ఉంచమని రాసి ఉందేమో చూడండి. రాసి ఉంటే జవాబు దొరికినట్టే.

కరెంటు లెక్క అంత రహస్యమేమీ కాదు. 1400 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి 1400 చుట్ల వేగంతో పిండాక కూడా 5 కిలోల నూలు బట్టల్లో రెండున్నర లీటర్ల నీళ్లు మిగులుతాయి. లీటరు నీటిని ఆవిరి చేయడానికి ప్రకృతి వసూలు చేసే కనీస రుసుము 0.63 యూనిట్లు, ఇందులో ఏ కంపెనీకీ రాయితీ లేదు. అంటే ఒకటిన్నర యూనిట్లు తప్పవు. డ్రమ్మునీ, గాలినీ వేడి చేసే దుబారా కలిపితే విడతకి మూడు నాలుగు యూనిట్లు. వారానికి మూడుసార్లు వాడితే నెలకి 45 యూనిట్లు అటూఇటూ. యూనిట్ 9 రూపాయలనుకుంటే నాలుగు వందలు. ఏసీతో ఇప్పటికే పై స్లాబు అంచున నిలబడ్డ ఇల్లయితే, వెనక నుంచి తోసేది ఈ 45 యూనిట్లే. పిండే వేగం 800 దగ్గరే ఆపేస్తే నీళ్లు ఇంకా ఎక్కువ మిగులుతాయి, ఖర్చు ఇంకా పెరుగుతుంది. గుడ్డ తట్టుకుంటే ఆ మీట ఎప్పుడూ పై అంకె మీదే ఉండాలి.

చీరలు ఈ బిల్లు పరిధిలోకి రావు. పట్టుచీర సంగతి చెప్పనక్కర్లేదు. గంజి పెట్టిన నూలు చీరని తిప్పితే గంజి పొట్టులా రాలిపోయి, చీర పేగులా మెలిపడుతుంది. బట్ట లేబుల్ మీద చతురస్రంలో గుండ్రం ఉంటే వేడిగాలికి అనుమతి. దాని మీద ఇంటూ గుర్తు ఉంటే నిషేధం.

ఇంకో నిషేధం మాత్రం వ్యంగ్యం పక్కన పెట్టి చెప్పాల్సిందే. తలంటుకి వాడిన తువాలు, ఆవకాయ కలిపే రోజు నూనె తుడిచిన గుడ్డ, ఇవి ఉతికినవే అయినా ఇందులో ఆరబెట్టకండి. ఉతుకులో నూనె పూర్తిగా పోదు. మిగిలిన నూనె వేడికి గాలిలోని ఆక్సిజన్‌తో కలుస్తూ తనంతట తానే ఇంకా వేడెక్కుతుంది. అలాంటి బట్టలు వేడివేడిగా కుప్పపడి ఉంటే అంటుకునే ప్రమాదం ఉంది. చివర్లో మిషన్ కాసేపు చల్లగాలి తిప్పేది ఇందుకోసం కూడా. తొందరపడి మధ్యలో ఆపేసి, బట్టలు లోపలే వదిలి పెళ్లికి పోకూడదు.

ఆరిన బట్టల్లోంచి రాలే పీచు మిషన్ లోపలి తడిగోడలకి అంటుకుంటుంది. విడి డ్రయర్‌కి పీచు పట్టే జల్లెడ ఉంటుంది, చేత్తో దులిపేస్తాం. వీటిలో చాలావాటికి అది ఉండదు. పీచు కొంత తలుపు రబ్బరు మడతల్లో, కొంత కింద పంపు ఫిల్టరులో, మిగిలింది మన చెయ్యి చేరని ఆవిరి దారిలో చేరుతుంది. బోరు నీళ్ల సున్నం దానికి తోడైతే సిమెంటు కలిపినట్టే. అప్పుడు బట్టలు ఎంతసేపు తిప్పినా చెమ్మగా, ముక్కవాసనతో వస్తాయి; జనం హీటర్ పోయిందనుకుంటారు. ఆరబెట్టిన ప్రతిసారీ రబ్బరు తుడవడం, నాలుగైదు విడతలకోసారి ఖాళీ డ్రమ్ముతో జాడించి వదలడం, నెలకోసారి కింద మూలనున్న చిన్న తలుపు తీసి, పళ్లెం పెట్టి ఫిల్టరు కడగడం తప్పవు. ఆ ఫిల్టరులో జాకెట్టు హుక్కులు, పిన్నీసులు, ఒక రూపాయి బిళ్ల దొరుకుతాయి. ఆదాయం కింద చూపించాలి.

అయితే ఎవరు కొనాలి? యుటిలిటీ లేని ఫ్లాట్, బాల్కనీ నిషేధం, పసిబిడ్డ, పొద్దున పోయి రాత్రి వచ్చే దంపతులు: ఈ నాలుగింటిలో రెండు ఉంటే కొనవచ్చు. రోజూ మూడు కిలోలు, రాత్రి వేసి పొద్దున తీసే పద్ధతికి ఇది బాగా ఒదుగుతుంది. యూనిఫారాలు, లోదుస్తులు, పిల్లల బట్టలు, తువాళ్లు దీనికి ఇష్టమైన భోజనం. మిగతావారు ఉతికి పిండే మంచి ఫ్రంట్ లోడ్ మిషన్ కొని, యుటిలిటీ సీలింగుకి తాడు లాగితే పైకి పోయే కడ్డీలు బిగించుకోవడం మేలు. గోడ బలంగా ఉండి, గొట్టానికి కిటికీ దొరికితే మిషన్ పైన విడి డ్రయర్ ఇంకా మేలు: ఒకటి ఉతుకుతుండగా రెండోది ఆరబెడుతుంది, ఒకటి పాడైతే రెండోది సెలవు పెట్టదు. జంట మిషన్‌లో ఒక్క బోర్డు పోతే రెండు శాఖలూ మూతపడతాయి.

కొనేదే ఖాయమైతే, యుటిలిటీ తలుపు వెడల్పు టేపుతో కొలవండి. మిషన్ 60 సెంటీమీటర్లు, పట్టుకునే చేతులు అదనం. ఎర్త్ సరిగా ఉన్న 16 ఆంపియర్ల ప్లగ్గు కావాలి, ఇన్వర్టర్ లైను మీద వద్దు. చక్రాల స్టాండు అసలే వద్దు. రవాణాలో డ్రమ్ము కదలకుండా వెనక బిగించిన బోల్టులు తీయకుండా ఆన్ చేస్తే మిషన్ వంటింట్లోకి నడిచొస్తుంది. తీసిన బోల్టులు పారేయకండి. వాటినీ, విప్పిన దండెం తాడునీ ఒకే కవర్లో చుట్టి అటక మీద పెట్టండి. బోల్టులు ఇల్లు మారేటప్పుడు కావాలి. తాడు వచ్చే ఆదివారం.