చి. 150కి, 190 వాడు రాయునది

చిరంజీవి 150 చదరపు అడుగుల పారాచూట్‌కు ఆశీర్వదించి రాయునది.

ఉభయకుశలోపరి. ఇక్కడ నేనూ, నా రెండు చీలమండలూ క్షేమం. నువ్వు కూడా ఆ సెకండ్ హ్యాండ్ సామాన్ల అరలో, నీలం సంచిలో ముడుచుకుని క్షేమంగా ఉన్నావని తలుస్తాను. పోయిన ఆదివారం నిన్ను సంచిలోంచి తీసి చేతుల మీద వేసుకున్నప్పటి నుంచీ ఆఫీసులో పని సాగడం లేదు. ఎంత తేలిక! ఎంత నాజూకు! "రెండొందల జంపులే అయిన సరుకు, కొత్తదాని ధరలో సగం" అన్నాడు అమ్మేవాడు. సగం ధర అన్నాక తెలుగువాడికి నిద్రెలా పడుతుంది?

నీకు తెలియంది కాదు గానీ, తణుకులో మావాళ్ళు నిన్ను గొడుగు అనుకుంటారు. పైన విచ్చుకుంటుంది, కింద మనిషి వేలాడుతూ మెల్లగా దిగుతాడు. అంతే వాళ్ళ లెక్క. నువ్వేమో రెక్కవి. 1960లలో డొమినా జాల్బర్ట్ అనే ఆయన గాలి నింపిన గుడ్డరెక్కకు పేటెంట్ తీసుకున్నాక, ఆ గుండ్రటి గొడుగులు స్కైడైవింగ్‌లోంచి, అంటే విమానంలోంచి సరదాకి దూకే ఈ ఆటలోంచి, మెల్లమెల్లగా తప్పుకున్నాయి. రెక్క అన్నాక ముందుకు పరిగెత్తాల్సిందే. మోసే బరువు అంతే ఉండి గుడ్డ తగ్గితే ఆ పరుగు ఇంకా పెరుగుతుంది.

చిన్నప్పుడు నాకు బట్టలు కుట్టించేటప్పుడు మా అమ్మ దర్జీకి ఒకటే మాట చెప్పేది: "ఎదిగే పిల్లాడు, కాస్త వదులుగా కుట్టు." ఆ వదులు చొక్కాల్లో పదో తరగతి దాకా గాలిపటంలా తిరిగాను. టెక్సాస్‌లో ఈ స్కైడైవింగ్ మైదానానికొచ్చాక లెక్క తిరగబడింది. ఎదిగే కొద్దీ గుడ్డ తగ్గించాలట. మొదట 260 చదరపు అడుగులది ఇచ్చారు, తర్వాత 230, 210, ఇప్పుడు సొంతంగా కొనుక్కున్న 190. ఇక్కడ మనిషి స్థాయి తెలుసుకోవాలంటే జంపుల లెక్క రాసుకునే లాగ్‌బుక్ అడగరు, వీపు మీది సంచి చూస్తారు. అదెంత చిన్నదైతే అంత మొనగాడు. నాది తగిలించుకుంటే పుస్తకాలన్నీ ఒకేరోజు మోసుకెళ్తున్న స్కూలు పిల్లాడిలా ఉంటానట. "ఇంకా ఆ బస్సు మీదేనా?" అని మొన్న ఒక కుర్రాడు నవ్వాడు. వాడి జంపులు 90.

అందుకే నువ్వు. మధ్యలో 170 ఉంది కదా అంటావేమో. నేను మూడో తరగతి నుంచి తిన్నగా అయిదులోకి వెళ్ళినవాణ్ణి. డబుల్ ప్రమోషన్. ఊరంతా చెప్పుకున్నారు. భిన్నాలు నాలుగో తరగతిలో చెప్పారు కాబట్టి నాకు ఇప్పటికీ సరిగా రావు, అది వేరే విషయం.

వేరే విషయం అనుకున్నాను గానీ, ఇక్కడ కథంతా ఆ భిన్నంలోనే ఉంది. పైన మనిషీ సామానూ కలిపిన బరువు, కింద గుడ్డ వైశాల్యం. నేను 175 పౌండ్లు, సామాను 25. మొత్తం 200. దాన్ని 190తో భాగిస్తే 1.05. నీతో భాగిస్తే 1.33. వింగ్ లోడింగ్ అంటారు. ఇదే రకం రెక్క మీద అయితే వేగం 12, 13 శాతమే పెరుగుతుందని సంతోషించాను. నేలకు తగిలేది వేగం కాదు, దాని వర్గం అని తర్వాత గుర్తొచ్చింది. అంటే దెబ్బలో నాలుగో వంతు పైగా అదనం. పైగా నీ తాళ్ళు పొట్టి. చెయ్యి కాస్త లాగితే చాలు గిర్రున తిరిగి, ఆ తిరగడంలో ఎత్తంతా తినేస్తావు.

చాలామంది వాడే ఒక మోటు లెక్క ఉంది: 1.0తో మొదలుపెట్టి ప్రతి 100 జంపులకు 0.1 కలుపుకోవడం. నావి 130, అంటే 1.13. నీ దగ్గరికి రావాలంటే 330 కావాలి. ఆ తేడా 200 జంపులు ఎక్కడి నుంచి తేవాలా అని ఆలోచిస్తుండగా సంక్రాంతికి ఇంటికెళ్ళి, అరిసెలూ సున్నుండలూ తిని 6 పౌండ్లు పెరిగి వచ్చాను. 190 మీదే 1.08 అయింది! పైసా ఖర్చు లేకుండా చిన్న పారాచూట్‌కు మారినట్టే. మా అమ్మకు ఈ ఘనత తెలియదు.

మా ఇన్‌స్ట్రక్టర్‌కి మాత్రం అన్నీ తెలుసు. 60 దాటిన మనిషి, ఎడమ తొడలో స్టీలు రాడ్డు. అది చిన్న పారాచూట్ కొన్న రెండో వారంలో పడింది. పారాచూట్‌లో లోపమేమీ లేదు, శుభ్రంగా విచ్చుకుంది. నేల దగ్గర పడుతుండగా ఎదురుగా ఇంకొకడు వస్తే, కంగారులో ఒక పక్క బ్రేకు తాడు కిందికంటా లాగాడు. అంతే. ఇప్పుడాయన 230 మీద దిగుతాడు, పక్షి వాలినట్టు. ఆయన్ని బస్సు అనే ధైర్యం ఎవరికీ లేదు.

ఆయనతో నా రాయబారం ఇలా నడిచింది.

"గాలి ఎక్కువున్న రోజు 190 ముందుకు కదలడం లేదు. వెనక్కి పోతున్నాను."

"ఆ రోజు కింద కూర్చో."

"జంపులు 130 అయ్యాయి."

"అందులో పక్కగాలిలో ఎన్ని దిగావు?"

నాలుగు. ఆ నాలుగూ గాలి దిక్కు తప్పు చూసుకోబట్టే. ఇది పైకి చెప్పలేదు.

ఆయన జేబులోంచి మడతలు నలిగిన కాగితం తీశాడు. బిల్ వాన్ నోవాక్ అనే స్కైడైవర్ ఎప్పుడో రాసిన చిట్టా, చిన్నదానికి మారేముందు పెద్దదాని మీద చేసి చూపించాల్సినవి. 10 మీటర్ల వలయంలో నమ్మకంగా దిగడం. పక్కగాలిలోనూ, గాలే లేనప్పుడూ దిగడం. కాస్త ఎత్తుకో పల్లానికో వాలిన నేల మీద దిగడం. 50 అడుగుల ఎత్తులో ఎక్కువ ఎత్తు కోల్పోకుండా, బ్రేకుల్లో ఉంచి 90 డిగ్రీలు తిప్పడం. ఆ చివరిది చదువుతున్నప్పుడు ఆయన చెయ్యి తొడ మీదికి వెళ్ళింది.

ఆ సాయంత్రం లాగ్‌బుక్ ముందేసుకున్నాను. ప్రతి జంపుకీ "గుడ్ ల్యాండింగ్" అని నా చేతిరాతే. మొన్న శనివారందీ అంతే. గాలి లేదు, గాలి దిక్కు చూపే విండ్‌సాక్ తడిబట్టలా స్తంభానికి అంటుకుని ఉంది. దిగే వేగం తగ్గించడానికి పన్నెండు అడుగుల దగ్గర లాగాల్సిన బ్రేకులు, నేల గబగబా వచ్చేస్తుంటే భయపడి ఇరవై దగ్గరే లాగేశాను. 190 నన్ను అంతెత్తున ఒక్క క్షణం నిలబెట్టి, ఆలోచించుకుని, మూటలా కింద పడేసింది. రెండు మోకాళ్ళూ, ఒక మోచెయ్యి, నోటినిండా గడ్డి. అయినా గుడ్ ల్యాండింగే, లేచి నడిచాను కదా. నువ్వయి ఉంటే ఆ మర్యాద దక్కేదా? పేరు కోసం రెజ్యూమెలో ఏళ్ళు కలుపుకున్నవాళ్ళని చూశాను గానీ, నాకు నేనే ఇంటర్వ్యూ చేసుకుని నన్ను నేనే మోసం చేయడం ఇదే మొదలు.

ఇంకొక చిక్కుంది. నీకోసం వీపు సంచి కూడా చిన్నది కొనాలి. అందులో ఆపద్ధర్మానికి ఉండే రిజర్వ్ పారాచూట్ కూడా చిన్నదే పడుతుంది. కొందరు రేపటి 150 కోసం ఇవాళే చిన్న సంచి కొని, 190ని అందులో కుక్కుతున్నారు. అమెరికా ప్రయాణం ముందు సూట్‌కేస్ మీద కూర్చుని ఆవకాయ సీసాలతో సహా జిప్పు వేసే మా పిన్ని గుర్తొస్తుంది.

నిన్న రాత్రి అమ్మ వీడియో కాల్ చేసింది. నీ ఫోటో చూపించాను. కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసింది.

"ఇదెందుకు నాన్నా, మరీ చిన్నగా ఉంది?"

"మంచి బేరం అమ్మా. సగం ధర."

"డబ్బులకి చూసుకోకు. కావాలంటే నేను పంపిస్తాను, పెద్దదే తీసుకో."

కాబట్టి, నిన్ను ఎవరైనా అడిగితే మొహమాటపడకు, వెళ్ళు. మొన్నటి ఆ 90 జంపుల కుర్రాడు తప్ప. వాడొస్తే అరలో ఇంకా లోపలికి దూరిపో.

ఇట్లు,
190 వాడు

తా.క. ఈ వారం పక్కగాలిలో రెండుసార్లు దిగాను, కావాలనే. ఒకటి గుడ్ ల్యాండింగ్. రెండోదానికి లాగ్‌బుక్‌లో "గడ్డి" అని రాశాను.