గది నంబరు 114, మంచం: సర్దుబాటు

"సర్దుబాటు" అనే మాటను ఇంతకాలం మనం చేబదుళ్ల విషయంలోనూ, అత్తాకోడళ్ల విషయంలోనూ, రైల్లో నలుగురు కూర్చునే బల్ల దగ్గరకు అయిదో మనిషి వచ్చి నిలబడినప్పుడూ మాత్రమే వాడుకుంటూ వచ్చాం. దానికి పొడవు, వెడల్పు కూడా ఉంటాయనీ, దాని మీద దుప్పటి పరుచుకుని పడుకోవచ్చుననీ నాకు తెలియదు. మా అన్నయ్య కొడుకును ఒక పెద్ద విశ్వవిద్యాలయంలో మొదటి సంవత్సరం ఇంజినీరింగులో చేర్చడానికి విజయవాడ నుంచి తెల్లవారుజామున బయల్దేరి, హాస్టలు ఆఫీసు కిటికీ ముందు రెండున్నర గంటలు నిలబడ్డాక ఆ జ్ఞానం కలిగింది. కిటికీలోంచి బయటికి వచ్చిన చీటీ మీద ఇలా ఉంది: గది నంబరు 114. మంచం: సర్దుబాటు.

"ఇదేమిటండీ?" అని గుమస్తాగారిని వినయంగా అడిగాను. "మంచాలు మూడున్నాయండీ, పేర్లు ఏడున్నాయి. పిల్లలు వాళ్లలో వాళ్లు సర్దుకుంటారు లెండి" అని ఆయన అంతకన్నా వినయంగా సెలవిచ్చారు. కాషన్ డిపాజిట్టుకు నా దగ్గర ముప్పై రూపాయలు తగ్గినప్పుడు మాత్రం ఆయన సర్దుకోలేదు, ఏటీఎంకు వెళ్లి రమ్మన్నారు.

గిట్టనివాళ్లు దీన్ని అస్తవ్యస్తమంటారు గానీ, గదుల కేటాయింపుకు పకడ్బందీ పద్ధతి ఉన్నదని నేను సాక్ష్యం చెప్పగలను. ఎంసెట్‌లో (పేరు ఈఏపీసెట్‌గా మారింది, నిద్రలేని రాత్రులు మారలేదు) వచ్చిన ర్యాంకును బట్టి సీటు, సీటును బట్టి హాస్టలు దరఖాస్తు, దరఖాస్తుకు ఆధార్ నకలు, కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, లోకల్ గార్డియన్ సంతకం, ఫొటోలు, వీటన్నిటినీ గుచ్చి ఒక ఫైలు తయారవుతుంది. మంచం మాత్రం ఆ ఫైల్లోంచి రాదు. అది ఎమ్మెల్యేగారి లెటర్‌ప్యాడ్ మీంచి వస్తుంది. మాకు ఫైలు ఒక్కటే ఉంది.

గది నంబరు 114లో ఆ మధ్యాహ్నం జరిగిన మహాసభను వర్ణించకుండా ముందుకు పోలేను. ఏడుగురు పిల్లలు, వాళ్ల వెంట ఏడుగురు పెద్దలు, ఏడు ట్రంకుపెట్టెలు, ఏడు బకెట్లు, వాటిలో ఏడు మగ్గులు, కిటికీ గట్టు మీద వరసగా ఏడు ఆవకాయ సీసాలు, వీటన్నిటి మీదా కిర్రుమంటూ తిరిగే ఒకే ఒక్క ఫ్యాను. ఫ్యాను సరిగ్గా నడిమి మంచం మీద ఉండటం వల్ల చర్చ వేడెక్కింది. కృష్ణా జలాలు పంచడానికి 1969లో బచావత్ ట్రైబ్యునల్‌ను వేస్తే, 1973లో అప్పటి మన ఉమ్మడి రాష్ట్రం వాటా 811 టీఎంసీలని తేల్చడానికి దానికి నాలుగేళ్లు పట్టింది. ఇక్కడ మాకు సాయంత్రం బస్సు వరకే గడువు. అధ్యక్షత వహించిన తెనాలి మాస్టారు మూడు మంచాలనూ ఒకదానికొకటి ఆనించి, అయిదుగురిని అడ్డంగా పడుకోబెట్టి, ఇద్దరిని కింద పడుకోబెట్టాలని ప్రతిపాదించారు. అడ్డంగా పడుకుంటే పొడుగువాళ్ల కాళ్లు గాల్లో వేలాడతాయని మార్కాపురం పలకల వ్యాపారి ఆక్షేపించడంతో, పిల్లలందరినీ తలుపు చెక్కకు ఆనించి నిలబెట్టి, సంతలో కోడెలను చూసినట్టు చూసి, సుద్దముక్కతో గీతలు గీశారు. మావాడి గీత అందరికన్నా పైన పడింది కనుక వాడికి నేల దక్కింది. అంతలో నరసరావుపేట మిర్చి రైతు లేచి, "మాస్టారూ, మంచం లేకుండా దోమతెర దేనికి కట్టుకోవాలండీ?" అని అడిగిన ప్రశ్నకు సభ దగ్గర సమాధానం లేకపోయింది. వారానికోసారి చోట్లు మారేటట్టు మాస్టారు గీతల కాగితం మీద కాలపట్టిక రాసి, అన్నం మెతుకులతో గోడకు అంటించారు.

అమెరికాలో పెద్ద విశ్వవిద్యాలయాలు కొత్త విద్యార్థికి ముందుగానే ప్రశ్నావళి పంపి, రాత్రి ఎన్నింటికి పడుకుంటావు, గది శుభ్రంగా ఉంచుతావా, చప్పుడు భరిస్తావా అని అడిగి జోడీ కుదురుస్తాయి. డ్యూక్ విశ్వవిద్యాలయమైతే గదిలో తోడును పిల్లలే ఎంచుకునే పద్ధతిని 2018లో మానేసి, జోడీలను తానే కలపడం మొదలుపెట్టింది. గదిలోని రెండోవాడి చదువు ప్రభావం మొదటివాడి మార్కుల మీద పడుతుందని డార్ట్‌మత్ కళాశాల విద్యార్థుల మీద 2001లో అచ్చయిన ఒక అధ్యయనం తేల్చింది. ఒక్కడితోనే అంత మేలు జరిగితే ఆరుగురి మధ్య ఒత్తుకుని పడుకున్న మావాడు ఎంతటి పండితుడు కావాలో పాఠకులే ఊహించుకోవాలి.

ఇంతకీ 114 ఉన్నది చివరి సంవత్సరం వాళ్ల బ్లాకులో, వరండా కొసన, స్నానాల గదికి వెళ్లాలంటే పదకొండు సీనియర్ల గుమ్మాలు దాటాల్సిన చోట. కొత్తవాళ్లను వీలైనంతవరకు వేరే బ్లాకులో ఉంచాలనీ, వీలుకాని చోట సీనియర్లు వాళ్ల వైపు వెళ్లకుండా వార్డెన్లూ కాపలావాళ్లూ గట్టిగా కనిపెట్టాలనీ యూజీసీ 2009లోనే నిబంధన పెట్టింది. మన రాష్ట్రానికి 1997 నుంచీ ర్యాగింగ్ నిషేధ చట్టం ఉంది. మావాడి చేతా, మా అన్నయ్య చేతా ర్యాగింగ్ జోలికి పోమని చెరొక ప్రమాణపత్రం రాయించుకున్నారు. పిల్లవాడిని ఆ వరండా కొసన పడేసిన వాళ్ల చేత ఎవరు రాయించుకున్నారు? ఆ "వీలైనంతవరకు" అనే సందులోంచే కదా సర్దుబాటు లోపలికి దూరింది! ఎవరికి వీలు? అర్ధరాత్రి తలుపు కొడితే తీయాల్సింది నేల మీద పడుకున్న పదిహేడేళ్ల పిల్లవాడు, ఆ వేళకు క్వార్టర్స్‌లో ఏసీ కింద నిద్రపోయేది వార్డెను. 2015 జులైలో మన గుంటూరు జిల్లాలోనే ఒక విశ్వవిద్యాలయ హాస్టలు గదిలో ఆర్కిటెక్చర్ చదివే ఆడపిల్ల ప్రాణం తీసుకుంది. ర్యాగింగ్ ఆరోపణలు వచ్చాయి, విచారణ సంఘం వచ్చింది, నాయకులు వచ్చారు, పత్రికలు నిండాయి. ఆ తర్వాత కూడా కొత్త పిల్లవాడిని ఏ గదిలో పెట్టామన్నది ఒక గుమస్తా పెన్నుకు వదిలేసిన వాళ్లకు సిగ్గు లేదు. మూడు మంచాలకు ఏడుగురి దగ్గర అద్దె వసూలు చేస్తున్నప్పుడు లెక్క తెలిసిన వాళ్లే వీళ్లంతా.

మొన్న రాత్రి మావాడు ఫోను చేశాడు. "బాబాయ్, ఎనిమిదో అతను వచ్చాడు" అన్నాడు. చీటీ చూశావా అని అడిగాను. చూశాడట, మంచం అన్న చోట "పై విధంగానే" అని ఉందట. కాలపట్టిక మళ్లీ గీయాలి కనుక తెనాలి మాస్టారి నంబరు నా దగ్గర ఉందేమో చూడమన్నాడు.