గ్లెన్ సానాక్స్ ‘తయారై ఏడేళ్లు పడి ఉంది’ అన్న మాటలో ఎంత నిజం?

స్కాట్లాండ్‌లో గ్లెన్ సానాక్స్ అనే ప్యాసింజర్ ఫెర్రీ కథ ఒకటి సోషల్ మీడియాలో చేతులు మారుతూనే ఉంది. దాని సారాంశం ఇది. “ఓడ 2017లోనే తయారైంది. సాక్షాత్తూ ఫస్ట్ మినిస్టర్ వచ్చి నీళ్లలోకి వదిలారు. జనం ఎక్కింది మాత్రం 2025లో. మధ్యలో ఏడేళ్లు ప్రభుత్వ యార్డులో పని చేతగాని కార్మికుల మధ్య పడి ఉంది. దానికి తోడు గ్యాస్ ఇంజిన్ల పిచ్చి ఒకటి. విదేశీ యార్డుకు ఇచ్చి ఉంటే టైముకి వచ్చేది. ఆలస్యమైన రోజే కాంట్రాక్టు రద్దు చేసి డబ్బు వెనక్కి లాక్కోవాల్సింది.”

ఇందులో రెండు తేదీలూ కరెక్టే. మధ్యలో చెప్పిందే తేడా.

ముందుగా ఒప్పుకోవాల్సింది ఒప్పుకుందాం. ఇది మామూలు ఆలస్యం కాదు. పోర్ట్ గ్లాస్గోలోని ఫెర్గూసన్ యార్డుతో 2015 అక్టోబరులో ఒప్పందం కుదిరింది. గ్లెన్ సానాక్స్, దాని జోడీ ఓడ, రెండూ కలిపి 9.7 కోట్ల పౌండ్లు, ఫిక్స్‌డ్ ప్రైస్. రెండూ 2018లో రావాలి. మొదటిది చేతికొచ్చేసరికి 2024 నవంబరు అయింది. ఖర్చు నాలుగు రెట్లు దాటింది. రెండోది, ఇప్పుడు గ్లెన్ రోజా అని పిలుస్తున్నది, గడువు 2026కు జరిగింది. కాబట్టి ఇక్కడ ఎవర్నీ వెనకేసుకు రావడం లేదు. తప్పు జరిగింది, పెద్దదే జరిగింది. పోస్టు చూపిస్తున్న చోట మాత్రం కాదు.

“2017లోనే తయారైంది.” మిగతా వాదనంతా దీని మీదే నిలబడింది, ఇదే అన్నిటికన్నా పెద్ద అబద్ధం. 2017 నవంబరు 21న అప్పటి ఫస్ట్ మినిస్టర్, అంటే స్కాట్లాండ్ ప్రభుత్వాధినేత, నికోలా స్టర్జన్ చేతుల మీదుగా ఓడ క్లైడ్ నదిలోకి జారిన మాట నిజం. ఆ రోజు ఫొటోల్లో పైన నల్లగా మెరుస్తూ కనిపించే బ్రిడ్జి (ఓడను నడిపే గది) కిటికీలు మాత్రం కిటికీలు కావు. ఉక్కు మీద వేసిన నల్ల పెయింటు. పొగగొట్టాలు కూడా ఆ వేడుక కోసం పెట్టిన ఉత్తుత్తివి. ముహూర్తం మించిపోతుందని ప్లాస్టరింగ్ కాని ఇంట్లో పాలు పొంగించినట్టు జరిగింది ఆ కార్యక్రమం.

జలప్రవేశం అంటే ఓడ అడుగుభాగం నీరు చొరబడకుండా నిలిచి తేలగలదని రుజువవడం. అంతే. కొన్ని యార్డులు అప్పటికే లోపలి పని చాలావరకు ముగించి దింపుతాయి, కొన్ని డొల్లను దింపి మిగతాది నీటిమీద చేస్తాయి. ఎలా చేసినా ఆ తర్వాత పైపులు, కేబుళ్లు, గాలి నాళాలు, అగ్నినిరోధక పొరలు, క్యాబిన్లు, వంటగది, లైఫ్‌బోట్లు ఉంటాయి. అన్నీ బిగించాక ఒక్కో వ్యవస్థనూ విడిగా నడిపి చూడాలి, తర్వాత అన్నిటినీ కలిపి నడపాలి, ఆ తర్వాత సముద్రంలో పరీక్షించాలి. చివరికి నౌకా భద్రతా అధికారులు సంతకం పెడితేనే ప్రయాణికులు ఎక్కేది. గ్లెన్ సానాక్స్ సొంత ఇంజిన్లతో మొదటిసారి కదిలిందే 2024 ఫిబ్రవరిలో. కదలనే కదలని ఓడ ఆరేళ్ల కిందటే ‘తయారైంది’ అనడం ఏ లెక్కన?

ఆ మధ్యకాలంలో ఏం జరిగిందో అర్థం కావాలంటే ఒక్క కేబుళ్ల వ్యవహారం చూస్తే చాలు. అంతకు కొన్నేళ్ల ముందు ఓడలో లాగి పెట్టిన కేబుళ్లలో వందల కొద్దీ పొట్టివని 2022 మొదట్లో బయటపడింది. వాటి చివర్లు చుట్టలు చుట్టి వేలాడదీసి ఉన్నాయి. తీరా చుట్టలు విప్పి పరికరాల దాకా లాగితే అందలేదు.

అందకపోతే ఇంకో ముక్క అతికిస్తే పోయేదిగా అనిపిస్తుంది. ఓడలో అలా కుదరదు. కేబుల్ ట్రేల మీదుగా, ఉక్కు గోడల్లో కోసిన రంధ్రాల గుండా ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోతుంది. ఒక గదిలో మంటగానీ నీళ్లుగానీ పక్కగదిలోకి పోకుండా ప్రతి రంధ్రాన్నీ కేబుల్ చుట్టూ సీల్ చేస్తారు. ముఖ్యమైన లైన్లలో అతుకుల్ని తనిఖీ చేసేవాళ్లు అంత తేలిగ్గా ఒప్పుకోరు. అంటే సీలింగు విప్పాలి, సీళ్లు పీకాలి, పాత కేబుల్ లాగేయాలి, కొత్తది మొదట్నుంచీ వేయాలి, మళ్లీ సీల్ చేయాలి, మళ్లీ తనిఖీకి పిలవాలి. ఆ దారిలో అప్పటికే పైపులో గోడ పలకలో బిగించేసి ఉంటే ముందు వాటిని ఊడదీయాలి. కట్టినదాన్ని విప్పి మళ్లీ కట్టడమన్నమాట. ఓడ ‘పడి ఉన్న’ కాలంలో పెద్ద భాగం ఇలాంటి పనికే పోయింది.

ఇంతకీ ఇలా ఎందుకైంది? చాలా చర్చలు దాటేసే కారణం ఒకటుంది. డ్రాయింగులు తేలకముందే ఉక్కు కోయడం మొదలుపెట్టారు. ఒప్పందం ప్రకారం వివరమైన డిజైనూ నిర్మాణమూ రెండూ యార్డు బాధ్యతే. ఏ పరికరం ఎక్కడ కూర్చుంటుంది, ఏ పైపు ఎటు వెళ్తుంది అన్నది యార్డూ కొనుగోలుదారూ పూర్తిగా ఒప్పుకోకుండానే భాగాలు తయారవడం మొదలైంది. కొనుగోలుదారు సీమాల్ అనే ప్రభుత్వ సంస్థ. ఓడలు దానివి, నడిపేది కాల్‌మాక్ అనే ఫెర్రీ కంపెనీ. సీమాల్ పదేపదే మార్పులు అడిగిందని యార్డు, ఒప్పుకున్నదే అడిగామని సీమాల్. ఈ తగవు ఎంత ముదిరిందంటే యార్డు అదనంగా 6.6 కోట్ల పౌండ్లు కావాలని క్లెయిమ్ పెట్టింది. మొత్తం ఒప్పందమే 9.7 కోట్లని గుర్తుంచుకోవాలి.

“ప్రభుత్వ యార్డు కదా, ఇంతే ఉంటుంది.” తేదీలు చూడకుండా అన్న మాట ఇది. 2014 ఆగస్టులో ఫెర్గూసన్ దివాలా తీస్తే ఒక ప్రైవేటు పెట్టుబడి సంస్థ కొనుక్కుంది. 2015లో ఒప్పందం మీద సంతకం చేసింది, పెయింటు కిటికీలతో ఓడను దింపింది, 2018 గడువు దాటబెట్టింది ఆ ప్రైవేటు యాజమాన్యమే. 2019 ఆగస్టులో యార్డు మళ్లీ కుప్పకూలాక, ఆ ఏడాది డిసెంబరులో స్కాట్లాండ్ ప్రభుత్వం సొంతం చేసుకుంది.

అలాగని ప్రభుత్వం చేతికొచ్చాక అంతా చక్కబడలేదు. అక్కడి నుంచి కూడా ఓడ రావడానికి దాదాపు ఐదేళ్లు పట్టింది. కోవిడ్‌తో కొంతకాలం పని ఆగింది, ఆ సాకు కొంతవరకే చెల్లుతుంది. కొత్త తేదీ ప్రకటించడం, దాన్ని దాటడం, ఇంకోటి ప్రకటించడం అలవాటైపోయింది. ప్రైవేటు వర్సెస్ ప్రభుత్వం అని వాదించుకోవాలనుకునేవాళ్లకు ఈ ఓడ ఏ పక్షానా పనికిరాదు.

ఇక కార్మికుల మాట. ఇదే యార్డు 2010ల మొదట్లో కాల్‌మాక్ కోసం హాలేగ్, లోక్ఇన్వర్ అనే డీజిల్-ఎలక్ట్రిక్ హైబ్రిడ్ ఫెర్రీలు కట్టి ఇచ్చింది. కార్లు మోసే సముద్రపు ఫెర్రీల్లో అలాంటివి ప్రపంచంలోనే మొదటివి. చేతులు రాని పనివాళ్లు అవి కట్టలేరు. కానీ అవి 43 మీటర్ల చిన్న ఓడలు. గ్లెన్ సానాక్స్ 102 మీటర్లు. ఆ సైజుకు తగ్గ డిజైన్ విభాగం, ప్లానింగ్, ఎలక్ట్రీషియన్లు ఉన్నారా అని ముందే చూసుకోవాల్సింది యాజమాన్యమూ ఆర్డరు ఇచ్చినవాళ్లూ. మధ్యలో రుమేనియా నుంచి తాత్కాలికంగా కార్మికుల్ని తెచ్చుకోవలసి వచ్చిందంటే కొరత ఎలా ఉందో తెలుస్తుంది. కొలత తప్పిన కేబుల్‌కు వెల్డర్‌ను తిట్టి లాభం లేదు.

“కాంట్రాక్టు రద్దు చేసి డబ్బు వెనక్కి తీసుకోవాల్సింది.” వినడానికి బాగుంటుంది. అసలు లోతైన తప్పు సరిగ్గా ఇక్కడే ఉంది.

ఓడల వ్యాపారంలో కొనేవాడు డబ్బు విడతలుగా ఇస్తాడు. ఉక్కు కోతకు ఇంత, జలప్రవేశానికి ఇంత, ఇలా. మధ్యలో యార్డు మునిగిపోతే ఇచ్చిందంతా పోతుంది. అందుకే యార్డు తరఫున బ్యాంకో బీమా సంస్థో ఒక హామీ ఇస్తుంది. యార్డు ఓడ ఇవ్వలేకపోతే నీ డబ్బు మేం తిరిగిస్తామని. దీన్ని రిఫండ్ గ్యారంటీ అంటారు. అది చేతిలో ఉంటేనే కొనుగోలుదారు ‘ఇక చాలు’ అనగలడు. ఫెర్గూసన్ పూర్తి గ్యారంటీ ఇవ్వలేనంది. సీమాల్ బోర్డు ఆందోళనపడి ఆ సంగతి రాతపూర్వకంగా పైకి చెప్పింది కూడా. అయినా మంత్రుల స్థాయిలో ముందుకు వెళ్లమన్నారు. యార్డును, అందులోని ఉద్యోగాలను నిలబెట్టాలన్న రాజకీయ ఒత్తిడి ఉండనే ఉంది.

ఫలితం ఏమిటి? గడువు దాటేనాటికి డబ్బులో చాలావరకు చెల్లించేశారు. రద్దు చేస్తే డబ్బూ రాదు, ఓడా రాదు. పైగా యార్డు నిలబడాలని ప్రభుత్వం 2017, 2018లో విడిగా 4.5 కోట్ల పౌండ్లు అప్పిచ్చింది. విడతలు కట్టిన తీరులోనూ ఒక లొసుగుంది. ఒక మెట్టు చేరితే డబ్బు విడుదలవుతుంది, దాన్ని ఎంత నాణ్యంగా చేరారన్నది ఎవరూ గట్టిగా అడగరు. నల్ల పెయింటు కిటికీలు ఇప్పుడు అంత వింతగా అనిపించవు.

2022 మార్చిలో ప్రభుత్వ ఖర్చుల్ని తనిఖీ చేసే ఆడిట్ స్కాట్లాండ్ ఈ గ్యారంటీ లోపాన్నీ, నిర్ణయం ఎవరు ఎందుకు తీసుకున్నారో చెప్పే కాగితం సరిగా లేకపోవడాన్నీ ఎత్తిచూపింది. అంతకుముందు 2020 డిసెంబరులోనే స్కాట్లాండ్ పార్లమెంటు కమిటీ ఈ మొత్తం వ్యవహార నిర్వహణను ఘోర వైఫల్యంగా తేల్చింది. రద్దు చేయలేదేమని అడిగేవాళ్లు 2018ని కాదు, 2015ని అడగాలి.

“గ్యాస్ ఇంజిన్ల పిచ్చి.” ఇందులో కొంత నిజం ఉంది. ఈ ఓడ డీజిల్ మీద, ద్రవీకరించిన సహజవాయువు, అంటే ఎల్‌ఎన్‌జీ మీద కూడా నడుస్తుంది. మైనస్ 160 డిగ్రీల దరిదాపుల్లో ఉండే ఇంధనానికి ప్రత్యేకమైన ట్యాంకు, పైపులు, సెన్సర్లు కావాలి. ఆ యార్డుకు ఇది కొత్త. చివరి దశలో, 2024లో పడ్డ వాయిదాల్లో గ్యాస్ వ్యవస్థ వాటా పెద్దదే. కానీ అప్పటికే ఓడ ఐదారేళ్లు ఆలస్యం. పొట్టి కేబుళ్లకూ గ్యాస్‌కూ సంబంధం లేదు. ప్రమాదంలో తప్పించుకునే దారుల విషయంలో భద్రతా సంస్థ ఎంసీఏ అడిగినవాటి వల్ల 2023లో మళ్లీ పెరిగిన పనికీ లేదు. మొదట 1,000 మంది ఎక్కుతారనుకున్న ఓడ చివరికి 852 మంది దగ్గర ఆగింది, దానికీ గ్యాస్ కారణం కాదు.

“విదేశీ యార్డుకు ఇచ్చి ఉంటే.” ఐరిష్ ఫెర్రీస్ వాళ్లు డబ్ల్యూ.బి.యేట్స్ ఓడను జర్మనీలోని ఫ్లెన్స్‌బర్గ్ యార్డుకు ఇచ్చారు. 2018 వేసవికి రావాలి. టికెట్లు అమ్మేశారు. ఓడ రాలేదు, వేలమంది ప్రయాణాలు రద్దయ్యాయి, అది చేతికొచ్చింది డిసెంబరులో. అదే యార్డులో బ్రిటనీ ఫెర్రీస్ కోసం కడుతున్న ఓన్‌ఫ్లర్ 2018 డిసెంబరులో నీళ్లలోకి దిగింది, పూర్తికానే లేదు. 2020లో యార్డు దివాలా దశకు చేరింది, కంపెనీ ఒప్పందం రద్దు చేసుకుంది. అంతెందుకు, సీమాల్ ఈ అనుభవం తర్వాత తర్వాతి ఓడల్ని తుర్కియేలోని యార్డుకు ఇచ్చింది. వాటిలో మొదటిదైన ఐల్ ఆఫ్ ఐలా కూడా 2024 అక్టోబరు గడువు అందుకోలేదు.

అన్నీ ఒకటే అని నేననడం లేదు. నెలల ఆలస్యం వేరు, ఆరేళ్ల ఆలస్యం వేరు. అనుభవమున్న పెద్ద యార్డు ఈ ఓడను ఇంతకన్నా చాలా ముందే ఇచ్చి ఉండేదని నాకూ అనిపిస్తుంది. కానీ ‘విదేశీ’ అన్నంత మాత్రాన టైముకి వస్తుందన్న గ్యారంటీ లేదు. ఓడ రెడీగా ఉన్నా అక్కరకు రాకపోవచ్చు. ఆస్ట్రేలియాలో స్పిరిట్ ఆఫ్ టాస్మానియా 4 ఓడను ఫిన్లాండ్ యార్డు 2024లో అప్పగించింది. తీరా డెవన్‌పోర్ట్‌లో అది ఆగే రేవు సిద్ధం కాలేదు. కొత్త ఓడను కొన్నాళ్లు ఎడిన్‌బరో పక్కన లీత్ రేవులో కట్టేసుకున్నారు.

ఆ రేవు గొడవ గ్లెన్ సానాక్స్‌కూ ఉంది. పోస్టులో మాత్రం దాని ఊసే లేదు. ఈ ఓడను కట్టిందే ఆరన్ దీవి వాసుల కోసం. అది లేని కాలంలో 1993 నాటి కాలెడోనియన్ ఐల్స్ భారం మోసింది, అదీ తుప్పు రిపేర్లకు వెళ్లి 2024లో నెలల తరబడి రాలేదు. నెలకు సుమారు 10 లక్షల పౌండ్ల చొప్పున ఆల్‌ఫ్రెడ్ అనే ఓడను అద్దెకు తెచ్చుకోవాల్సి వచ్చింది. ఆరన్‌కు ఏళ్లుగా ఫెర్రీలు వెళ్లేది ఆర్డ్రోసన్ నుంచి. కొత్త ఓడ ఆ రేవులో సురక్షితంగా పట్టదు, రేవును బాగుచేసే పనులు వాయిదాల మీద వాయిదాలు పడ్డాయి. అందుకే 2025 జనవరిలో గ్లెన్ సానాక్స్ తొలిసారి ప్రయాణికులతో బయల్దేరింది ట్రూన్ నుంచి. ఆరన్‌లోని బ్రాడిక్ రేవు చేరడానికి అది మరింత దూరం.